గేజి కలిసిన బాట

కొత్తవలస నుండి అరకు లోయ మీదుగా కిరండూలు వరకు సాగే రైలుమార్గాన్ని 1960వ దశకంలో తూర్పు కనుమలను తొలిచి నిర్మించారు. కొండదారిలో చిన్న గేజి వేసి ఉంటే వ్యయం తగ్గి ఉండేది. అయినను బ్రాడ్ గేజి వేశారు. కనుకనే బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం మధ్యలో ఎక్కడా దించి ఎక్కించే పని లేకుండా విశాఖ రేవును చేరుతున్నది. అదే కనుమల అంచున 1900లో పర్లాకిమిడి సంస్థానం నౌపడా నుండి వేయించిన మార్గం చిన్న గేజి. ప్రధాన మార్గంతో గేజి కలియనందున నౌపడాలో సరుకును ఒక బండి నుండి మరొక బండికి మార్చవలసి వచ్చేది. 2004లో పాత బండి నిలిచిపోగా, బ్రాడ్ గేజి బండి గుణుపురం చేరేసరికి 2011వ సంవత్సరం వచ్చినది.

కంప్యూటరు ప్రోగ్రాములకు సైతం గేజి ఉన్నది. ఒక ప్రోగ్రాము ఇంకొక యంత్రంతో మాట్లాడవలెనంటే ఆ పనికై ముందే వ్రాసి ఉంచిన లైబ్రరీని వాడుకొంటుంది. అట్టివానిలో ప్రసిద్ధమైనది స్వీడన్ దేశీయుడు డేనియల్ స్టెన్‌బెర్గ్ 1998లో కర్ల్ అను పేర విడుదల చేసిన ప్రోగ్రాము నుండి పుట్టిన లిబ్‌కర్ల్. ఇది నేడు నూరుకు పైగా ఆపరేటింగ్ సిస్టములపై నడుస్తున్నది. రహస్యమేమనగా, దానిని నేటికీ 1989 నాటి సి భాషా ప్రమాణానికి లోబడి వ్రాస్తున్నారు. కొత్త భాషలోని సౌకర్యాలు తెలియక కాదు. పాత కంపైలరు మాత్రమే ఉన్నవాడు కూడా దానిని నిర్మించుకోగలగాలని.

ఈ నియమం మన కొండలకు ఏమి సంబంధమని అడుగవచ్చును. పాడేరు, అరకు ప్రాంతాల గ్రామాలలో సిగ్నలు వచ్చి పోతూ ఉంటుంది; చేతులు మారిన పాత ఫోన్లే అనేకులకు ఆధారం. తెగిపోయిన డౌన్‌లోడును మొదటికి రాకుండా, ఆగిన చోటు నుండి కొనసాగించే శక్తి లిబ్‌కర్ల్ వంటి లైబ్రరీలకు ఉన్నది. ఆ లైబ్రరీ పాత యంత్రంపై నిర్మాణం కాకపోతే, అవసరం ఎక్కువగా ఉన్నవానికే సౌకర్యం అందకుండా పోతుంది.

ఇది ఊహ కాదు. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ధ్రువపత్రాలకు ఆధారమైన ఒక పాత మూలపత్రం గడువు ముగిసినది. వెబ్‌సైట్ల పత్రాలు సక్రమంగానే ఉన్నవి. అయినను ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. 1.0.2 అను పాత లైబ్రరీపై ఆధారపడిన యంత్రాలు వానిని తిరస్కరించినవి. యజమాని చేసిన తప్పు ఏమీ లేదు. అతని యంత్రం పాతది, అంతే.

పాతవానిని పట్టుకొని వ్రేలాడుట భద్రతకు ముప్పు అని కొందరందురు. ఆ మాట నిజమే. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఎంతటి కలవరం కలిగించినదో తెలిసినదే. కాని పాత లైబ్రరీని అట్లే ఉంచుట వేరు, సవరించిన కొత్త లైబ్రరీ పాత యంత్రంపై కూడా నడిచేటట్లు చూచుట వేరు. నేను కోరునది రెండవదానిని.

యంత్రం ఒప్పుకొన్నంత మాత్రాన సరిపోదు. చట్టం కూడా ఒప్పుకోవలెను. లైసెన్సు సైతం ఒక గేజియే. కర్ల్‌కు ఒక దశలో ఉన్న లైసెన్సు జి.పి.ఎల్. షరతులతో పొసగలేదు. 2001 జనవరిలో స్టెన్‌బెర్గ్ ఎం.ఐ.టి. తరహా లైసెన్సును జోడించి ఆ చిక్కు విప్పినాడు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.కు మాత్రం అదే పని కష్టమైనది. దాని పాత లైసెన్సులోని ప్రకటన షరతు జి.పి.ఎల్.తో కలియక, డెబియన్ వంటి పంపిణీదారులు లిబ్‌కర్ల్‌ను రెండు రూపాలలో నిర్మించవలసి వచ్చినది. 2017లో లైసెన్సు మార్పుకు పూనుకొని, ఏండ్ల తరబడి కోడు వ్రాసిన వందలాది మంది సమ్మతిని వెదకి తెచ్చుకొన్నారు. 2021 సెప్టెంబరులో 3.0 వెలువడినప్పుడు గాని అపాచీ లైసెన్సు అమలులోనికి రాలేదు. మొదటి దినమున ఒక పుటలో తేలవలసినది ఇరువది యేండ్లు దాటి తేలినది.

మన కళాశాలకు ఇందు ప్రత్యేకమైన ఆసక్తి ఉండదగును. ఉర్దూ నస్తాలిఖ్ వంపులను, తెలుగు ఒత్తులను తెరపై సరిగా పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ అట్టి ఉదారమైన లైసెన్సుతోనే ఫోన్లలోనికి, బ్రౌజర్లలోనికి ప్రవేశించినది. దాని పేరు కూడా పారసీకమే: హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. మన రెండు లిపులు ఒకే బాటపై నడచుట మనకు గర్వకారణం. ఆ బాటను కాపాడుట మన బాధ్యత.

విద్యార్థి మిత్రులారా! మీ ప్రాజెక్టు మీ యంత్రంపై నడిచినంతనే పూర్తి అయినదని తలచవద్దు. కనీసం రెండు భిన్నమైన సిస్టములపై నిర్మించి చూడండి. ఇతరుల కోడు తీసుకొన్నప్పుడు దాని షరతులు చదివి, వారి పేరు తుడిచివేయక, మీ లైసెన్సును మొదటి దినమే వ్రాసి ఉంచండి. పేరు లేని కోడు, షరతు తెలియని కోడు ఎవరికీ నిశ్చింతగా పనికిరావు.

కార్యవర్గం వారికి నా మనవి రెండే. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతవన్నీ తుక్కుకు పంపక, రెండింటిని పరీక్షార్థం ప్రయోగశాలలో ఉంచండి. కొత్తది కట్టిన విద్యార్థికి ఇచ్చే మార్కులలో, ఉన్నదానిని చక్కదిద్దిన విద్యార్థికి కూడా పాలు ఇవ్వండి. పట్టాలు వేయుట ఒకసారి జరిగే పండుగ. వానిని సరిచూచుట ప్రతిదినం జరుగవలసిన సేవ. వర్షాకాలంలో అరకు దారిపై కొండచరియలు విరిగిపడినప్పుడు రాళ్లు తొలగించే కార్మికుల పేరు ఏ శిలాఫలకంపైనా ఉండదు. కాని వారు లేకపోతే ఆ దారిన బండి కదలదు.