పెరటి మందుమొక్కలకు పొలం సిఫారసులు సరిపోవు

అడవి జంతువుల వల్ల కలిగే పంటనష్టాన్ని ఎకరాలలోనూ, క్వింటాళ్లలోనూ లెక్కించడం వ్యవసాయ విస్తరణ రంగానికి అలవాటు. మొక్కజొన్న, వేరుశనగ చేలలో అడవిపందులు చేసే విధ్వంసం అందువల్లనే నివేదికలకు ఎక్కుతున్నది. వంటింటి వెనుక ఒకటి రెండు సెంట్ల స్థలంలో పెరిగే పుదీనా, కొత్తిమీర, తులసి, వామాకు, సరస్వతి ఆకు, అల్లం, పసుపు ఏ లెక్కలోకీ రావు. ఒక ఉదయం కోతులమంద దిగి వాటిని పీకి పారవేసినా, ఒక రాత్రి పంది వచ్చి మడిని తవ్విపోసినా ఆ నష్టాన్ని వ్రాసుకొనే పుస్తకం లేదు. పంటల బీమా నోటిఫై చేసిన పంటలకే గాని పెరటికి వర్తించదు. లెక్కకు రాని నష్టానికి తగిన సలహా కూడా అరుదుగానే దొరుకుతుంది. నల్లమలను ఆనుకొని ఉన్న పల్నాడు వంటి ప్రాంతంలో ఈ లోటు చిన్నది కాదు.

సలహా అడిగిన గృహిణికి సాధారణంగా అందేది పొలానికి చేసిన సిఫారసే. అది పెరటికి తగదు. పొలంలో పండినది ఎన్నో దశలు దాటి నోటికి చేరుతుంది. పెరటి ఆకు కోసిన కొద్దిసేపటికే పచ్చడిలోకో, కషాయంలోకో చేరుతుంది. కొన్నింటిని పచ్చిగానే నములుతారు. అక్కడ విషానికీ, దుర్వాసనకూ తావు లేదు. పెరటికి కావలసినవి రెండు: జంతువును అడ్డగించే కట్టడం, అది మడి దాకా రానక్కరలేకుండా చేసే మొక్కల అమరిక.

వేసవిలో పచ్చగా కనిపించేది పెరడే

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల గ్రామాలు అనేకం అడవి అంచున ఉన్నాయి. విజయపురి సౌత్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తరించి ఉన్నది. 1967లో సాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత ఆయకట్టులో మిరప, ప్రత్తి, వరి విస్తరించాయి. ఆ నీరు అందని మెట్ట ఊళ్లు మాత్రం వానపైనా, బోర్లపైనా ఆధారపడి మిగిలాయి. ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడిన రెంటచింతల, దాని చుట్టుపక్కల గ్రామాలలో ఏప్రిల్, మే మాసాలలో చేలు బీడుగా ఉంటాయి, వాగులు ఎండిపోతాయి. అటువంటి రోజులలో అంట్లు కడిగిన నీటితో, స్నానపు నీటితో బ్రతికే పెరటి మడి ఒక్కటే పచ్చగా, తడిగా కనిపిస్తుంది. ఆకలిగొన్న జంతువు దానిని వెతుక్కుంటూ రావడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి పెరటి రక్షణకు అసలైన కాలం వేసవి. ఖరీఫ్ ప్రచారంలో ఒక భాగంగా దానిని చెబితే ఆ సలహా ఆలస్యంగా అందినట్లే.

బీడు భూములను ఆక్రమించిన సర్కారు తుమ్మ మరొక కారణం. పగటిపూట అడవిపందులు దాగడానికి ఆ పొదలు చక్కగా పనికివస్తాయి. అడవికి ఆమడ దూరాన ఉన్న ఊరిలో కూడా పందుల బెడద కనిపించడానికి ఊరి చెంతనే ఉన్న ఈ పొదలు చాలు.

ఏ జంతువుకు ఏమి కావాలి

పెరటిలోకి వచ్చే జంతువులన్నింటినీ ఒకే గాటకట్టడం పొరపాటు. అడవిపంది మొక్క కోసమే రాదు. ఎరువు వేసిన తడినేలలో వానపాములు, వేరుపురుగులు ఉంటాయి. వాటికోసం ముట్టెతో మడిని తిరగవేస్తుంది. ముళ్ళపంది రాత్రివేళ వచ్చి వేళ్లను, దుంపలను తవ్వి తింటుంది, చెట్ల మొదళ్లను కొరుకుతుంది. కుందేలుకు లేత చిగుళ్లు కావాలి. నెమలి మొలకలను, విత్తులను ఏరుకుంటుంది. ఇవన్నీ నేల మీదుగా వచ్చేవి లేదా నేలపై మేసేవి. కోతి వేరు. అది పగలు, పైనుండి, మందగా వస్తుంది. తిననిదానిని కూడా పీకి చూస్తుంది.

మరొక సంగతి గమనించదగినది. కోతిని పెరటికి రప్పించేది చాలాసార్లు మందుమొక్క కాదు. దాని ప్రక్కనున్న జామ, బొప్పాయి, సపోటా చెట్లు. పండు కోసం దిగిన మంద చేతికందిన పుదీనా మడిని కూడా పాడుచేసి వెళుతుంది. మందుమొక్కల మడిని పండ్లచెట్ల నీడ నుండి, ప్రహరీగోడ అంచు నుండి దూరంగా, వంటింటి తలుపు ఎదుటికి మార్చితే ఖర్చు లేకుండానే నష్టం కొంత తగ్గుతుంది.

పొలానికి తగినది ఇంటికి తగదు

అడవిపందుల నివారణకు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పొలాలలో పరీక్షించి చెప్పిన పద్ధతులు చాలా ఉన్నాయి. గంధకం, పందికొవ్వు పట్టించిన కొబ్బరితాళ్లను చేను చుట్టూ కట్టడం, క్షౌరశాలల నుండి తెచ్చిన వెంట్రుకలు గట్ల వెంట చల్లడం, ఊరపందుల పేడ ద్రావణం పిచికారీ చేయడం, వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయడం వాటిలో కొన్ని. చేనుకు అవి ఉపకరించాయి. కాని కొత్తిమీర మడి చుట్టూ వెంట్రుకలు చల్లితే అవి గాలికి ఆకులోకే చేరుతాయి. పేడ ద్రావణం పడిన ఆకును ఇంట ఎవరూ ముట్టరు. ఆముదపు గింజ విషపూరితం; పసిపిల్లలు ఆడుకొనే పెరటిలో దానిని కంచెగా వేయమనడం బాధ్యత గల సలహా కాదు. పిడకలపై మిరపకాయలు వేసి పెట్టే పొగ చేను గట్టుపై చెల్లుతుంది గాని, ఉబ్బసం రోగి ఉన్న ఇంటి వెనుక చెల్లదు. గుళికల మందులను సంచులలో కట్టి వేలాడదీసే అలవాటు మరింత ప్రమాదకరం. అందుకు వాడుతూ వచ్చిన ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుండి దేశంలో నిషిద్ధం.

అన్నింటికంటే భయంకరమైనది విద్యుత్ తీగ. పొలాలలో అడవిపందుల కోసం కరెంటు తీగలు లాగి, వాటికి తామే బలైన రైతుల, కూలీల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తరచుగా వస్తూనే ఉన్నాయి. ఆ అలవాటు పెరటికి పాకితే ముందుగా బలయ్యేది తెల్లవారుజామున ఆకు కోయడానికి వచ్చే ఇల్లాలు, లేదా బంతి కోసం పరుగెత్తే పిల్లవాడు. సౌర కంచె యంత్రం సెకనుకు సుమారు ఒకసారి, అతి స్వల్పకాలం మాత్రమే ప్రవాహాన్ని పంపుతుంది. ఇంటి మీటరు నుండి లాగిన 230 వోల్టుల తీగ పట్టిన చేతిని వదలదు. ఈ రెండింటికీ ఉన్న భేదాన్ని ప్రతి శిక్షణ తరగతిలోనూ చెప్పవలసి ఉన్నది. పెరటికి సౌర కంచె కూడా అవసరం లేదు. అక్కడ కాపాడవలసినది నాలుగు మంచాలంత స్థలమే.

కట్టడం, అమరిక

చిన్న స్థలమే పెరటికి ఉన్న బలం. ఎకరం పొలానికి పైకప్పు వేయలేము. ఆరడుగుల మడికి వేయవచ్చు. పైకప్పు లేని కంచె కోతిని ఆపదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల చట్రానికి అన్ని వైపులా, పైన కూడా, అంగుళం కన్ను గల వెల్డు మెష్ బిగిస్తే కోతి, కుందేలు, నెమలి మూడింటికీ అడ్డు ఏర్పడుతుంది. నాలుగడుగులకు మించని వెడల్పు వల్ల రెండు ప్రక్కల నుండీ చేయి అందుతుంది. మొక్కలను మెష్‌కు జానెడు దూరంలో నాటాలి. తలుపుకు ఉత్త గొళ్ళెం చాలదు, కోతి దానిని తీయగలదు. గొళ్ళెంలో చీల గాని, తాళం గాని ఉండాలి. వదులుగా పరచిన నైలాన్ వలలను వాడరాదు. ఎలుకలను తిని మేలుచేసే జెర్రిపోతులు వాటిలో చిక్కి చస్తాయి.

నేల క్రింది నుండి వచ్చే ముట్టెకూ, గోళ్లకూ పల్నాటిలో చేతికందే సాధనం నాపరాయి. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలలో దొరికే పలకల ముక్కలను అడుగు లోతున నిలువుగా పాతి మడికి అంచు కడితే తవ్వే జంతువుకు పట్టు దొరకదు. పసుపు, అల్లం వేసే మడికి ఇది ముఖ్యం. తెలుగు లోగిలిలోని తులసికోట కూడా ఈ సూత్రాన్నే పాటిస్తుంది: ఎత్తుగా కట్టిన రాతి దిమ్మెలో వేరు పంది ముట్టెకు అందదు. ఆ కోటకు మరి రెండు దిమ్మెలు జతచేసి సరస్వతి ఆకు, పుదీనా పెంచుకోవడానికి కొత్త శాస్త్రం అవసరం లేదు.

అమరికలో మొక్కల స్వభావమే తోడ్పడుతుంది. లేత ఆకు గల కొత్తిమీర, పుదీనా, బచ్చలి బోనులో ఉండాలి. ఘాటైన వాసన, చేదు గల నిమ్మగడ్డి, వామాకు, అడ్డసరం, నేలవేము, కలబంద బయట ఉండవచ్చు. అడ్డసరాన్ని మేకలు కూడా ముట్టవన్నది పల్లెలకు తెలిసినదే. కోతి పీకినా వామాకు కొమ్మ తిరిగి గుచ్చితే బ్రతుకుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లో కోతుల బాధ పడలేక రైతులు కొందరు మొక్కజొన్న వదలి పసుపు, అల్లం, నిమ్మగడ్డి వైపు మళ్లారు. అదే ఎంపిక పల్నాటి పెరటికీ పనికివస్తుంది. పెరటి హద్దుకు వాక్కాయ ముళ్ళకంచె మేలు. పెరగడానికి మూడు నాలుగేళ్లు పట్టినా, పప్పులోకి కాయ కూడా ఇస్తుంది. అంతవరకు కంపదడి వేసుకోవచ్చు గాని, ఊరి ప్రక్క సర్కారు తుమ్మ పొదలను మాత్రం పంచాయతీ తొలగించాలి.

కోతులను చంపితే సరిపోతుందన్న వాదన

ఇంత శ్రమ ఎందుకు, జంతువులనే తగ్గించవచ్చు గదా అనే వాదన గ్రామసభలలో వినిపిస్తుంది. ఆవేదనతో పుట్టిన ఆ మాటను తేలికగా కొట్టివేయకూడదు. అయితే చట్టం అన్ని జంతువులకూ ఒకటి కాదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తలపై టోపీవంటి జుట్టు, పొడవైన తోక గల దక్షిణాది కోతి మొదటి షెడ్యూలులో ఉన్నది. ఉత్తరాది నుండి విస్తరిస్తూ వస్తున్న పొట్టితోక రీసస్ కోతి షెడ్యూళ్లలో లేదు. అడవిపంది రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు హాని చేసేదానిపై చర్యకు అటవీశాఖ ఉన్నతాధికారి అనుమతి తప్పనిసరి. నెమలి జాతీయపక్షి. ఊరిలో ఉన్నది ఏ కోతో గుర్తించలేని సలహాదారు రైతును చిక్కులలోకి నెట్టగలడు. 2016లో సిమ్లాలో కోతులను హానికర జంతువులుగా ప్రకటించి చంపడానికి అనుమతించినా ముందుకు వచ్చినవారు అతి స్వల్పం. కోతిలో హనుమంతుని చూసే తెలుగు పల్లెలో అందుకు భిన్నంగా జరుగుతుందని ఆశించలేము. ఎత్తిపోతల వంటి సందర్శక స్థలాలలో కోతులకు పండ్లు, బిస్కెట్లు అందించడం మాన్పించడం, ఊరిలో ఎంగిలాకులు బయట పారవేయకుండా చూడడం అంతకంటె ఫలితమిస్తాయి. కోతి కరిస్తే, గీరితే గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలన్న మాట కూడా ఈ సలహాలో భాగమే.

విస్తరణ చేయవలసినది

మిరప, ప్రత్తి సమస్యలే తీరని జిల్లాలో పుదీనా మడికి సమయమెక్కడిదన్న ఆక్షేపణకు జవాబు ఒకటున్నది. పెరడు స్త్రీల చేతిలోని సేద్యం. అక్కడి ఆకు కొనే ఖర్చును తప్పిస్తుంది, దగ్గుకూ అజీర్ణానికీ తొలి ఉపశమనంగా నిలుస్తుంది. స్వయంసహాయక సంఘాల ద్వారా పెరటి తోటలను ప్రోత్సహించి, వాటి రక్షణను గాలికి వదిలితే రెండవ ఏడు ఎవరూ విత్తనం అడగరు.

ఈ లోటును పూడ్చడానికి పెద్ద పథకం అక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలలో గడిపే విద్యార్థులు ఒక్కొక్క ఊరిలో కొన్ని పెరళ్లను ఎంచుకొని బోను ఉన్న మడిని, లేని మడిని ప్రక్కప్రక్కనే పెట్టి వారం వారం చూడవచ్చు. ఏ జంతువు వచ్చింది, ఏ మొక్కను ముట్టింది, ఏది వదిలింది, బోనుకు ఎంత ఖర్చయింది, కాపలాకు ఇల్లాలి గంటలు ఎన్ని తగ్గాయి అన్న అయిదు ప్రశ్నలు చాలు. నాపరాతి అంచు, పైకప్పు గల బోను, మొక్కల అమరిక ఈ మూడింటినీ అలా పరీక్షించిన తరువాత, కొలతలతో, ఖర్చుతో ఒక పుట సలహాపత్రం వ్రాసి రైతు సేవా కేంద్రాల గోడలపై మిరప తామరపురుగు పత్రం ప్రక్కనే అంటించాలి. మీటరు తీగ పెరటిలోకి లాగరాదన్న హెచ్చరిక దానిలో మొదటి వాక్యం కావాలి. ఆ పత్రం మార్చి నెలలోగా మాచర్ల, గురజాల పల్లెలకు చేరాలి.