ఎం.పి.సి. గోడ దూకినవాళ్ళే ఆ పేజీలో ఉన్నారు

ఏ కంపెనీ వెబ్‌సైట్ తెరిచినా మనం ముందు వెళ్ళేది కెరీర్స్ పేజీకే. లీడర్‌షిప్ టీమ్ అని ఇంకో పేజీ ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. సూట్లు వేసుకున్న పదిమంది ఫొటోలు, కింద హోదాలు, అంతే కదా అనుకుంటాం. కానీ మందుల సిమ్యులేషన్ చేసే కంపెనీల విషయంలో మాత్రం సీఎస్‌ఈ వాళ్ళు ముందు చదవాల్సింది ఆ పేజీనే అని నా అభిప్రాయం. ఇంటర్‌లో మన చుట్టూ కట్టిన ఒక గోడ ఆ పేజీలో ఎక్కడా కనబడదు.

ముందు ఈ కంపెనీల పని ఏంటో చెప్తాను. మాత్ర మింగాక మందు రక్తంలోకి ఎంత త్వరగా వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా బయటకి పోతుంది అని లెక్కగట్టే శాస్త్రం ఫార్మాకోకైనెటిక్స్. పేరు భయపెడుతుంది గానీ మన వైపు వాళ్ళకి అర్థం చేసుకోవడం తేలికే. కొల్లేరుని తలుచుకోండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి. సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. లోపలికి వచ్చేది, బయటకి పోయేది, ఈ రెంటి లెక్కే కొల్లేరు నీటిమట్టం. ఇప్పుడు కొల్లేరు బదులు మన ఒళ్ళు, వచ్చే ఏర్ల బదులు మాత్ర, ఉప్పుటేరు బదులు కాలేయం, కిడ్నీలు అనుకోండి. ఉప్పుటేరు పూడుకుపోతే మామూలు వానకే చుట్టుపక్కల ఊళ్ళు మునుగుతాయి. కిడ్నీలు సరిగ్గా పనిచేయని మనిషికి కొన్ని మందులు మామూలు డోసులో ఇస్తే జరిగేది కూడా అదే. అందుకే డోసు తగ్గిస్తారు. ఎంత తగ్గించాలి అన్నదే అసలు ప్రశ్న.

దానికి కావలసిన లెక్క మనం చదివిందే. మ్యాథ్స్ 2బీలో ఆఖరి చాప్టర్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఉన్న మందు ఎంత ఎక్కువైతే పోయే వేగం అంత ఎక్కువ, అంతే. పెద్దవాళ్ళలో పారాసిటమాల్ సగానికి సగం తగ్గడానికి సుమారు రెండు మూడు గంటలు పడుతుంది. కాకపోతే కంపెనీలు ఒక మనిషితో ఆగవు. వందలమంది పేషెంట్ల రక్తపరీక్షలు తీసుకుని, ఒక్కొక్కరి ఉప్పుటేరు వెడల్పు ఒక్కోలా ఉంటుందని ఒప్పుకుని, అందరినీ కలిపి ఒకే మోడల్‌లో పెడతాయి. పసిపిల్లల్లో ఎలా ఉంటుంది, ముసలివాళ్ళలో ఎలా ఉంటుంది అని కంప్యూటర్‌లోనే వేసి చూస్తాయి.

ఇక ఆ కంపెనీలు పెట్టింది, నడిపింది ఎవరో చూద్దాం.

కాలిఫోర్నియాలో 1996లో మొదలైన సిమ్యులేషన్స్ ప్లస్. పొట్టలో, పేగుల్లో మందు ఎలా కరిగి రక్తంలోకి వెళ్తుందో చూపించే గ్యాస్ట్రోప్లస్ సాఫ్ట్‌వేర్ వీళ్ళదే. దీన్ని పెట్టిన వాల్టర్ వోల్టోజ్ చదివింది ఏరోస్పేస్ ఇంజనీరింగ్. అంతకుముందు 1981లో వర్డ్స్ ప్లస్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ళ అత్తగారికి ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వచ్చి మాట పోతే, ఆవిడ కోసం రాసిన ప్రోగ్రామ్‌తో మొదలైంది అది. తర్వాత స్టీఫెన్ హాకింగ్ మాట్లాడటానికి వాడిన ఈక్వలైజర్ ప్రోగ్రామ్ కూడా ఆయనదే. రాకెట్ల చదువు చదివినాయన పేగుల లెక్కల దాకా వచ్చాడు.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ నుంచి సిమ్‌సిప్ వచ్చింది. దాని వెనకున్న అమీన్ రొస్తామీ, జెఫ్ టకర్ ఫార్మకాలజీ ప్రొఫెసర్లు. ఆ సిమ్‌సిప్‌ని తర్వాత కొనుక్కున్న సర్టారాకి 2019లో సీఈఓగా వచ్చిన విలియం ఫీహెరీ కెమికల్ ఇంజనీర్. ఇంకా వెనక్కి వెళ్తే, ఈ రంగం మొత్తానికి పునాది వేసిన నాన్‌మెమ్ ప్రోగ్రామ్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోలో రాసింది ఇద్దరు. లూయిస్ షైనర్ డాక్టరు, స్టువర్ట్ బీల్ స్టాటిస్టిక్స్ మనిషి.

ఇప్పుడు మనకి దగ్గరి పేర్లు. పూమాస్ ఏఐ అనే కంపెనీ పెట్టినవాళ్ళలో జోగారావు గొబ్బూరు, విజయ్ ఇవటూరి ఉన్నారు. గొబ్బూరు గారు అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏలో ఫార్మాకోమెట్రిక్స్ విభాగానికి డైరెక్టర్‌గా పనిచేసి, తర్వాత మేరీలాండ్ యూనివర్సిటీ ఫార్మసీ స్కూల్లో ప్రొఫెసర్ అయ్యారు. ఇవటూరి గారు సీఈఓ బాధ్యత తీసుకున్నారు. ఇంటిపేర్లు వినగానే మనోళ్ళే అని సంతోషం వేస్తుంది, వెయ్యాలి కూడా. కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం మిస్ అవుతాం. మందుల వైపు నుంచి వచ్చిన వీళ్ళు కోడ్ సంగతి వేరేవాళ్ళు చూసుకుంటారులే అని వదిలెయ్యలేదు. జూలియా అనే కొత్త భాష మీద సాఫ్ట్‌వేర్ కట్టారు. జూలియాలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లైబ్రరీ రాసిన క్రిస్ రకౌకాస్ అనే గణితశాస్త్రవేత్తని కలుపుకున్నారు. ఆయన కూడా కోడ్ ఇచ్చేసి వెళ్ళిపోలేదు, మందుల లెక్కల్లోకి దిగాడు.

ఇప్పుడు మన సంగతి. పదో తరగతి అయ్యాక వేసవిలో, పదహారేళ్ళకి, ఎం.పి.సి.నా బై.పి.సి.నా అని అడిగారు. మా బ్యాచ్‌లో చాలామంది "బోటనీ, జువాలజీ పీడ వదిలింది" అని పండగ చేసుకున్నారు. అవతలివాళ్ళు లెక్కల పీడ వదిలిందని చేసుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అది చదువు లెక్కలోంచి పోయి కులం లెక్కలోకి వచ్చేసింది. బీ ఫార్మసీ అంటే "పాపం, సీటు రాలేదా" అనేవాళ్ళు మన హాస్టళ్ళలోనే ఉన్నారు.

నిజానికి వాళ్ళు మనకంటే ముందున్నారు. బీ ఫార్మసీ సిలబస్ చూడండి. బై.పి.సి. నుంచి వచ్చినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లో రెమీడియల్ మ్యాథమెటిక్స్ చదవాలి, ఎం.పి.సి. నుంచి వచ్చినవాళ్ళు రెమీడియల్ బయాలజీ చదవాలి. రెండో సెమిస్టర్‌లో కంప్యూటర్ సబ్జెక్ట్ ఉంది. ఆరో సెమిస్టర్‌లో బయోఫార్మాస్యూటిక్స్, ఫార్మాకోకైనెటిక్స్ ఉంది. గోడకి వాళ్ళ వైపు నుంచి తలుపు పెట్టారు. మన వైపు ఇంకా గోడే.

"రిక్వైర్‌మెంట్స్ వాళ్ళిస్తారు, కోడ్ మనం రాస్తాం, చాలదా?" అని మీరు అడగొచ్చు. చాలదు. ఒక ఉదాహరణ. కాలేయానికి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తుంది, అంటే గంటకి 90 లీటర్లు. రక్తంలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చిన, కాలేయం ఒక్కటే బయటకి పంపే మందు ఒకటి ఉందనుకోండి. కాలేయం గంటకి 300 లీటర్ల రక్తం నుంచి ఆ మందుని తీసేస్తోందని మన ప్రోగ్రామ్ చెప్పింది. ఎర్రర్ రాలేదు, టెస్ట్ కేసులన్నీ పాస్, గ్రాఫ్ కూడా అందంగా ఉంది. అయినా తప్పే, కాలేయానికి వచ్చేదే 90 లీటర్లయితే 300 లీటర్లు ఎలా శుభ్రం చేస్తుంది? ఫార్మసీ అమ్మాయికి అది చూడగానే తెలుస్తుంది. మనకి కంపైలర్ చెప్పదు, స్టాక్ ఓవర్‌ఫ్లో చెప్పదు.

ఈ తప్పు యాప్‌లో బటన్ రంగు మారడం లాంటిది కాదు. మన పక్క భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి దాన్ని పెద్ద డోసుల్లో ఇస్తారు. ఇచ్చాక 24, 48, 72 గంటలకి రక్తంలో ఎంత మిగిలిందో కొలుస్తారు. కిడ్నీలు నెమ్మదించి మందు ఎక్కువసేపు ఉండిపోతే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తూ, మిగిలిన మందుని బట్టి దాన్ని పెంచుతారు. ఆ పిల్లల ప్రాణం ఒక గ్రాఫ్ ఎంత త్వరగా కిందికి దిగుతుందన్న దాని మీద ఉంటుంది. ఆ గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ రాసేవాడికి కిడ్నీ గురించి ఒక్క ముక్కా తెలియకపోతే ఎలా?

ఈ కంపెనీలు రేపే మన క్యాంపస్‌కి వచ్చి ఆఫర్లు ఇస్తాయని నేను చెప్పడం లేదు. అడుగుతున్నది చిన్నవే. ఓపెన్ ఎలెక్టివ్‌లలో ఫిజియాలజీయో, ఫార్మాకోకైనెటిక్సో ఒకటి పెట్టమని అందరం కలిసి అడుగుదాం. తణుకు నుంచి తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు ఎటు వెళ్ళినా ఫార్మసీ కాలేజీలున్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ టీమ్‌లో ఒక్కరైనా అక్కడివాళ్ళు ఉండేలా రూల్ మార్చమందాం. ప్రతి ఏడాదీ అదే అటెండెన్స్ సిస్టమ్, అదే ఫేస్ రికగ్నిషన్ చూసి మన గైడ్‌లకి కూడా విసుగొచ్చే ఉంటుంది. జూలియా, ఆర్ రెండూ ఉచితమే. పారాసిటమాల్ మోడల్ పైథాన్‌లో ఇరవై లైన్లు దాటదు.

ఎవరూ అడక్కపోయినా ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇంటర్‌లో మీతో చదివి ఫార్మసీకి వెళ్ళిన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, హాఫ్ లైఫ్ అంటే ఏంటో చెప్పమనండి. బదులుగా లూప్ ఎలా రాయాలో మీరు చెప్పండి.