పూర్వకథ, అభిమాన రచన, ఔచిత్యం: ఒక వీడియో గేమ్ పాత్రలను గురించి

సిద్ధమైన కథను స్వీకరించి కావ్యం చెప్పదలచిన కవికి ఎంతవరకు స్వాతంత్ర్యం ఉన్నదన్న ప్రశ్న మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. రసానికి అనుగుణం కాని కథాంశాన్ని విడిచి, తగినదానిని కల్పించుకోవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతంలో కవికి అనుమతి ఇచ్చాడు. రామాయణాదులవలె రసం సిద్ధించి ఉన్న కథలలో రసవిరోధమైన స్వేచ్ఛ కూడదని అక్కడనే హెచ్చరించాడు. నాయకునికి గాని రసానికి గాని తగనిదానిని వదలవలెను, లేదా మార్చి కల్పించవలెను అన్నాడు దశరూపకకర్త ధనంజయుడు. ఈ మాటలను మనం ప్రతి సంవత్సరం పాఠం చెబుతూనే ఉన్నాము. ఉదాహరణలు మాత్రం వెయ్యేండ్ల క్రిందటి నాటకాల దగ్గరనే ఆగిపోతున్నవి.

ఈ ప్రశ్న నేడు మనం సాధారణంగా సాహిత్యమని పరిగణించని చోట మళ్లీ తలెత్తింది. వీడియో గేములలోని కథలకు ముగ్ధులైనవారు ఆ పాత్రలనే తీసుకొని సొంతంగా కథలు వ్రాస్తున్నారు. ఆంగ్లంలో ఫ్యాన్ ఫిక్షన్ అని పేరున్న ఈ ప్రక్రియను ఇక్కడ అభిమాన రచన అని వ్యవహరిస్తాను. ఇందులో అత్యధిక భాగం ధనాపేక్ష లేకుండా వ్రాసినదే. ఇటువంటి రచనల పరిరక్షణకు 2007లో ఏర్పడిన ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్ అనే సంస్థ, 2009లో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే భాండాగారాన్ని తెరచింది. దానికి 2019లో హ్యూగో పురస్కారం లభించింది. ఇంత జరిగిన తరువాత దీనిని పిల్లల కాలక్షేపమని త్రోసివేయడం పరిశోధకులకు తగదు. వ్రాసినదంతా గొప్ప వ్యాఖ్యానమని మెచ్చుకోవడమూ తగదు. ఏది పాత్రకు వ్యాఖ్యానం, ఏది పాత్రకు అపచారం అని తేల్చే గీటురాయి కావలె. అది మన శాస్త్రంలో ఉన్నదనీ, పాత్రయొక్క దోషాన్ని రచయిత ఏమి చేశాడన్నది అందులో ముఖ్యమైన పరీక్ష అనీ నా ప్రతిపాదన.

ఉదాహరణకు ఒక్క కృతినే తీసుకొంటాను. జపానులోని స్క్వేర్ సంస్థ 1997 జనవరిలో ప్లేస్టేషన్ యంత్రం కోసం విడుదల చేసిన ఫైనల్ ఫాంటసీ 7 అది. దర్శకుడు యోషినోరి కితాసె. కథారచనలో ఆయనతోపాటు కజుషిగె నోజిమాకు ప్రధాన భాగం ఉన్నది. కథ సంగ్రహంగా ఇది. భూగోళపు ప్రాణశక్తిని పీల్చి విద్యుత్తుగా మార్చి అమ్ముకొనే షిన్రా అనే సంస్థ మిడ్గార్ మహానగరాన్ని ఏలుతూ ఉంటుంది. దానిని ఎదిరించే దళంలో, కూలికి పోరాడే యోధుడుగా క్లౌడ్ చేరుతాడు. ఆ దళంలోని టీఫా అతని ఊరి పిల్ల, చిన్ననాటి నుంచి ఎరిగినది. పూలమ్ముకొనే ఏరిత్ ఒక ప్రాచీన జాతికి మిగిలిన చివరి ఆడబిడ్డ. ప్రతినాయకుడు సెఫిరాత్ ఒకప్పుడు షిన్రా సేనలో కీర్తి గడించిన వీరుడు. నిబెల్‌హైమ్ అనే గ్రామంలో, సంస్థ భవనపు నేలమాళిగలోని గ్రంథాలయంలో తన పుట్టుకను గురించి చదివి, జెనోవా అనే వింతప్రాణి తన తల్లి అని నమ్మి, మతి చలించి ఆ గ్రామాన్ని తగులబెడతాడు. క్లౌడ్ తల్లి, టీఫా తండ్రి ఆ దారుణానికే బలియవుతారు. అటుపిమ్మట కథ నడుమ, లోకరక్షణకై ప్రార్థిస్తున్న ఏరిత్‌ను ఖడ్గంతో పొడిచి చంపుతాడు.

ఈ కృతి వ్యాఖ్యానానికి ఎడమిచ్చేదిగా ఉండటానికి మూడు కారణాలు కనబడుతున్నవి. మొదటిది, నాయకుని జ్ఞాపకమే నమ్మదగినది కాకపోవడం. తాను ప్రథమశ్రేణి యోధుడనని క్లౌడ్ చెప్పుకొన్న వృత్తాంతం నిజానికి అతని మిత్రుడు జాక్‌ది. క్లౌడ్ ఆ రోజులలో సామాన్య సైనికుడు. అతని మాటలు తన ఎరుకతో సరిపడవని టీఫాకు తెలుసు. అయినా చాలాకాలం పెదవి విప్పదు. ఆ మౌనానికి భయం కారణమా, జాలి కారణమా, తన జ్ఞాపకంపై తనకే కలిగిన సందేహం కారణమా అన్నదే అభిమాన రచయితలకు విడువని ప్రశ్న. రెండవది, కొన్ని ముఖ్య సన్నివేశాలు ఐచ్ఛికం కావడం. సెఫిరాత్ కన్నతల్లి లుక్రీషియాను చూపే ఘట్టం, జాక్ మరణాన్ని చూపే ఘట్టం ఆటగాడు వెదకి పోతే తప్ప కనబడవు. అవి చూడకుండా కథ ముగించినవాని చేతిలో ఉన్న గ్రంథం, చూచినవాని చేతిలో ఉన్న గ్రంథం ఒకటి కావు. మూడవది పాఠభేదం. జపాను లిపిలోని నాయిక పేరును 1997 ఆంగ్లానువాదం ఏరిస్ అన్నది. తరువాతి కృతులు ఏరిత్ అని స్థిరపరచినవి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఇటువంటి స్థితిని వివరించనక్కరలేదు. మూలం ఖండితంగా, బహురూపంగా ఉన్నచోట వ్యాఖ్యాత పుట్టక తప్పదు.

ఇక సెఫిరాత్ పాత్రకు వద్దాము. గేమ్ చెప్పినంతవరకు అతడు హోజో అనే శాస్త్రజ్ఞునికి, లుక్రీషియాకు పుట్టినవాడు. గర్భంలో ఉండగానే జెనోవా కణాలను అతనిలోనికి ఎక్కించారు. తల్లిని అతడు ఎరుగడు. హోజో తన తండ్రి అన్న సంగతీ ఎరుగడు. 2007లో వచ్చిన క్రైసిస్ కోర్ అనే అనుబంధ గేమ్ అతనికి ఇద్దరు మిత్రులను కల్పించి, పతనానికి ముందున్న మనిషిని కొంత చూపింది. ఈ కొద్ది ఆధారాలపైన అభిమాన రచయితలు చేసిన కల్పనలను స్థూలంగా రెండు మార్గాలుగా విభజించవచ్చును.

మొదటిదానిని శాపమార్గం అందాము. ఇక్కడ గ్రామదహనం జెనోవా సంకల్పం, హోజో పాపం. సెఫిరాత్ కేవలం ఉపకరణం. ఈ యుక్తి మనకు చిరపరిచితం. మహాభారతంలోని దుష్యంతుడు శకుంతలను గుర్తుండియే, లోకాపవాదానికి వెరచి, ఎరుగనంటాడు. కాళిదాసు దుర్వాసుని శాపాన్ని తెచ్చి ఆ దోషాన్ని నాయకునిపైనుంచి దించాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో ఈ కల్పనను ప్రకరణవక్రతకు ఉదాహరణగా మెచ్చుకొన్నాడు. అయితే కాళిదాసు శాపంతో ఆగలేదన్న సంగతి మరువరాదు. ఉంగరం దొరికిన తరువాత షష్ఠాంకమంతా రాజు అనుతాపంతో కుములుతాడు. శాపం అపరాధాన్ని తగ్గించినది గాని దుఃఖాన్ని తగ్గించలేదు. అభిమాన రచనలలో బలహీనమైనవి శాపాన్ని స్వీకరించి షష్ఠాంకాన్ని వదలుకొన్నవి. సెఫిరాత్ నిర్దోషి అని తేలినంతనే అందరూ అతనిని ఆదరిస్తారు. కాలిన ఊరి పేరు మరి వినబడదు. ఇది పాత్రపై ప్రేమవలె కనబడుతుంది గాని, పాత్రకు ఉన్న ఏకైక గాంభీర్యాన్ని హరిస్తుంది.

రెండవది అనుతాపమార్గం. దీనికి మన సాహిత్యంలో మూలరూపం భాసునిదిగా ప్రసిద్ధమైన ఊరుభంగం. అందులో తొడలు విరిగి పడియున్న దుర్యోధనుడు తాను చేసిన అకృత్యాలను తానే ఎన్నుకొంటాడు. పగ మానుమని అశ్వత్థామకు చెబుతాడు. పాండవులను సేవించుమని కొడుకుకు బోధిస్తాడు. అతని దోషం చెరిగిపోదు, దానిని మోయగల మనిషి మాత్రం పుడతాడు. ఫైనల్ ఫాంటసీ అభిమాన రచనలలో బహుళంగా కనబడే ఒక కథాసంవిధానం దీనికి దగ్గరగా వస్తుంది. క్లౌడ్ ఏదో విధంగా గతంలోనికి వెళ్లి, ఇంకా ఏ నేరమూ చేయని సెఫిరాత్‌ను కలుసుకొంటాడు. ఇతనిని చంపవలెనా, కాపాడవలెనా? ఎదుటి మనిషి నిర్దోషి. చూచేవాని కంటిలో మాత్రం తగులబడిన ఊరు ఉన్నది. ఈ సంకటాన్ని చివరిదాకా సడలనీయని రచయిత, మూలం చూపని సెఫిరాత్‌ను చూపి కూడా మూలానికి విరోధి కాడు. రెండు మార్గాలలో నేను ఈ రెండవదానినే ఉత్తమమంటాను.

మూలంలో ప్రధానంగా వైరమే ఉన్న క్లౌడ్, సెఫిరాత్‌ల నడుమ శృంగారాన్ని కల్పించే రచనలనూ ఈ దృష్టితోనే చూడవలె. చాలామంది వీటిని విన్నంతనే నిరాకరిస్తారు. కాని విరోధిరసాలను ప్రక్కప్రక్కన నిలుపక, నడుమ మరొక రసాన్ని చేర్చినచో విరోధం శమిస్తుందని ఆనందవర్ధనుడు నాగానందాన్ని చూపి చెప్పాడు. అక్కడ శాంతానికి, శృంగారానికి నడుమ అద్భుతం నిలిచింది. వైరం నుంచి అనురాగానికి ఒక్క గెంతులో పోయే కథ, నడుమ కరుణను సుదీర్ఘంగా నడిపించే కథ ఒకే తూకంలో పడవు. వస్తువును చూచి త్రోసివేయడం కంటె నిర్వాహాన్ని చూచి తీర్పు చెప్పడం శాస్త్రానికి తగిన పని.

ఏరిత్ మరణం మరొక పరీక్ష. ఆమెను బ్రతికించే కథలు లెక్కకు మిక్కిలి. అభిమానులు వీటిని మూలాన్ని సరిదిద్దే కథలంటారు. భవభూతి చేసినదీ ఇటువంటిదే. ఉత్తరకాండలో భూమిలో ప్రవేశించిన సీతను ఉత్తరరామచరితం రాముని చెంతకు చేర్చింది. కాని అంతకుముందు పన్నెండేండ్ల వియోగాన్ని, ఛాయాంకంలోని వేదనను కవి సామాజికునిచేత అనుభవింపజేశాడు. సుఖాంతానికి మూల్యం చెల్లింది. ఏరిత్‌ను ఖడ్గానికి దొరకకుండా ప్రక్కకు లాగి, మరునాడు అందరినీ నవ్వించే కథ ఆ మూల్యం చెల్లించదు. ఆమె ప్రార్థన ఏమైనది, లోకాన్ని ఎవరు రక్షించారు అన్న ప్రశ్నలకు సమాధానం వెదకే కథ చెల్లిస్తుంది.

విచిత్రమేమంటే మూలకర్తలే ఈ మార్గంలోనికి వచ్చారు. 2020లో వెలువడిన పునర్నిర్మాణంలో, కథ పాత దారి తప్పినప్పుడల్లా దానిని వెనుకకు లాగే నీడవంటి విధిపాలకులను ప్రవేశపెట్టారు. చివరకు నాయకులు వారితోనే పోరాడతారు. 2024లో వచ్చిన రెండవ భాగం పలు లోకాలను చూపి, ఒకదానిలో జాక్‌ను సజీవంగా నిలిపింది. టీఫా, ఏరిత్‌ల బాల్యాన్ని నోజిమా 2021లో నవలగా వ్రాశాడు. అభిమాన రచయితలు ఏండ్ల తరబడి పూరిస్తూ వచ్చిన ఖాళీలనే మూలకర్తలూ పూరిస్తున్నారు. హక్కులు ఆ సంస్థవి కనుక వారి కల్పన ప్రమాణం కావచ్చును. ప్రమాణమైనంతమాత్రాన ఉచితమై తీరదు. అదే గీటురాయిపై దానినీ గీయవలసినదే.

ఇతిహాసాలతో ఒక ఆటను పోల్చవచ్చునా అని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. ఇక్కడ పోల్చినది మహిమను కాదు, కల్పనా పద్ధతిని. పాణిని సూత్రాలు వేదభాషకూ లోకభాషకూ లక్షణం చెప్పినవి. అందువల్ల వేదానికి లోపం కలుగలేదు. ఔచిత్యం కూడా అటువంటి లక్షణమే. అభిమాన రచయితలు తమలో తాము ఒక కథను ఖండించేటప్పుడు, పాత్ర తన స్వభావం తప్పినదని అంటారు. ప్రకృత్యౌచిత్యం అన్న మాట వారికి తెలియదు. ఆ అనుభవం వారికి ఉన్నది. మాట మన దగ్గర ఉన్నది.

అందువల్ల ప్రాచ్య కళాశాలల ఆచార్యులకు నా మనవి ఇది. ధ్వన్యాలోకం, దశరూపకం బోధించేటప్పుడు విద్యార్థులు ఇష్టపడి చదివే ఇటువంటి రచన నొకదానిని తెమ్మని, దాని ఔచిత్యానౌచిత్యాలను వారిచేతనే విచారింపజేయవలె. పరిశోధకులు ఒక పాత్రను గైకొని, మూలానికీ అభిమాన రచనలకూ గల భేదాన్ని పట్టిక వేసి, ఏ మార్పు ఏ రసం కోసం జరిగినదో నిరూపించవలె. ఈ పని మనం చేయకున్నను ఇతరులు వేరొక పరిభాషతో చేస్తారు. అప్పుడు మన శాస్త్రం పాత ఉదాహరణలకు మాత్రమే పనికివచ్చే శాస్త్రమన్న అపవాదు నిలిచిపోతుంది. లక్ష్యం కొత్తదైనప్పుడే లక్షణం బలం తెలుస్తుంది. విజ్ఞులు పరిశీలింతురు గాక.