ఇన్సులిన్‌కు కాపలా కాసిన విశ్వవిద్యాలయం

వైద్య పరిశోధనలో విశ్వవిద్యాలయం బాధ్యత ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నకు, ఫలితాలను శాస్త్ర పత్రికలో ప్రచురించడంతో ముగుస్తుందన్నదే సాధారణంగా వినిపించే జవాబు. ప్రయోగశాలలో తేలిన విషయం ఆ తరువాత మందుల కంపెనీ చేతికి పోతుందని, తయారీ, నాణ్యత, ధర వంటివి వ్యాపారులు చూసుకోవలసినవని, ఆచార్యులకు వాటితో నిమిత్తం లేదని భావించడం పరిపాటి. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం 1922, 1923 సంవత్సరాలలో ఇన్సులిన్ విషయంలో నడుచుకున్న తీరు ఈ అభిప్రాయాన్ని నిలవనివ్వదు. పరిశోధకులు తమ హక్కును తలా ఒక డాలరుకు వదులుకున్నారన్న త్యాగగాథగా ఆ చరిత్ర లోకంలో ప్రచారమైంది. త్యాగం నిజమే కాని, మందును రోగి దాకా చేర్చింది ఆ డాలరు చేతులు మారడానికి ముందూ తరువాతా విశ్వవిద్యాలయం ఓపికగా చేసిన పని, దాని గురించి చెప్పుకునేవారు మాత్రం తక్కువ.

జీర్ణాశయం వెనుక ఉండే క్లోమగ్రంథి రెండు పనులు చేస్తుంది. ఆహారాన్ని అరిగించే రసాలను ఒక నాళం ద్వారా పేగులోకి పంపడం మొదటిది కాగా, రక్తంలోని చక్కెరను శరీరం వినియోగించుకునేలా చేసే ఇన్సులిన్ అనే హార్మోనును, అంటే గ్రంథి నుంచి నేరుగా రక్తంలో కలిసే రసాయనాన్ని, తయారు చేయడం రెండవది. ఈ రెండో పని ఆగిపోయిన పిల్లలకు అప్పట్లో అర్ధాకలితో ఉంచే పథ్యం తప్ప వైద్యం లేదు, దానితో మరణం కొంతకాలం వాయిదా పడేది, అంతే. జీర్ణరసాల నాళాన్ని ముడివేసి, ఆ రసాలు తయారయ్యే భాగం క్షీణించాక మిగిలిన గ్రంథి నుంచి హార్మోను తీయవచ్చన్న ఆలోచన 1920 అక్టోబరు చివరలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ శస్త్రవైద్యుడికి తట్టింది. టొరంటోలో శరీరధర్మశాస్త్ర ఆచార్యులైన జె.జె.ఆర్. మెక్లియోడ్ ఆయనకు ప్రయోగశాలను, కుక్కలను, సహాయకుడిగా చార్లెస్ బెస్ట్‌ను ఇచ్చారు; 1921 మే నెలలో మొదలైన ఆ పనిలో డిసెంబరు నాటికి జీవరసాయన నిపుణుడు జేమ్స్ కాలిప్ కూడా చేరారు. ఘనత ఎవరిదన్న తగవు తరువాత చాలాకాలం నడిచింది, 1923 నోబెల్ బహుమతి పొందిన బాంటింగ్ తన సొమ్మును బెస్ట్‌తోను, మెక్లియోడ్ కాలిప్‌తోను పంచుకున్నారు.

1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు బాంటింగ్, బెస్ట్ తీసిన సారాన్ని సూది ద్వారా ఎక్కించారు. అది గోధుమ రంగులో ఉన్న చిక్కటి ద్రవం. రక్తంలో చక్కెర కొంత తగ్గినా బాలుడు తేరుకోలేదు, పైగా సూది గుచ్చిన ఒకచోట గడ్డ లేచింది, దానితో ప్రయోగం ఆపవలసి వచ్చింది. ఆ తరువాతి పన్నెండు రోజులలో కాలిప్ సాధించినదే అసలు మలుపు. సారంలో ఆల్కహాలు పాళ్లు క్రమంగా పెంచుతూ పోతే ఒక దశలో మలిన ప్రొటీన్లు విడిపోయి అడుగున పేరుకుంటాయని, ఇన్సులిన్ మాత్రం కరిగే ఉంటుందని, ఆల్కహాలు 90 శాతం దాటాక అదీ విడిపోయి పొడిగా చేతికి వస్తుందని ఆయన గుర్తించారు. ఈ శుద్ధి చేసిన సారాన్ని జనవరి 23న ఇచ్చినప్పుడు లెనార్డ్ రక్తంలో చక్కెర ఒక్క రోజులో 520 మిల్లీగ్రాముల నుంచి 120కి దిగింది. అతడు మరో 13 ఏళ్లు జీవించాడు.

జనవరి 25న నలుగురు పరిశోధకులకూ విశ్వవిద్యాలయానికి చెందిన కొనాట్ ప్రయోగశాలలకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. కలిసి పనిచేస్తున్న కాలంలో ఎవరూ విడిగా పేటెంటు కోరరాదని, ఏ వ్యాపార సంస్థతోనూ సొంతంగా బేరం పెట్టుకోరాదని దాని సారాంశం. కంఠసర్పి వ్యాధికి వాడే విరుగుడు మందును పేదలకు అందుబాటు ధరలో ఇవ్వాలన్న ఉద్దేశంతో 1914లో ప్రారంభమైన కొనాట్, విశ్వవిద్యాలయం ఆధీనంలోనే మందులు తయారు చేయగల అరుదైన కేంద్రం. అంతటి వసతి ఉండి కూడా పెద్ద మోతాదులో తయారీకి దిగగానే పని చెడింది. ఆ వసంతకాలంలో కాలిప్ తన పద్ధతితో తానే మందు తీయలేకపోయారు, నిల్వలు అడుగంటాయి, ఉష్ణోగ్రతను, ద్రవాన్ని ఇగిర్చే విధానాన్ని మార్చి చూస్తూ వారాల తరబడి శ్రమించాక గాని ఉత్పత్తి మళ్లీ గాడిన పడలేదు. పరీక్షనాళికలో సాధించినది పెద్ద పాత్రలో సాధ్యం కావడం వేరే శాస్త్రమని, దానికి వేరే నిపుణులు, వేరే పెట్టుబడి కావాలని ఆ కొరత విశ్వవిద్యాలయానికి నేర్పింది. అందుకే 1922 మే చివరలో అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీకి పరిమిత కాలానికి ప్రత్యేక హక్కు ఇచ్చి, బదులుగా తయారీ పరిజ్ఞానాన్ని పంచుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు.

పేటెంటు ఎందుకన్న ప్రశ్నకు పరిశోధకులు ఇచ్చిన సమాధానం ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైనది. పేటెంటు అంటే ఒక ఆవిష్కరణను కొంతకాలం పాటు ఇతరులు వాడకుండా ఆపగల చట్టబద్ధమైన హక్కు. దానిని తాము తీసుకోకపోతే వేరెవరో తీసుకుని తయారీని గుప్పిట పెట్టుకోగలరని, అందరికీ దారి తెరిచి ఉంచడానికే దానిని తమ చేతిలో పెట్టుకోవాలని 1922 ఏప్రిల్‌లో వారు విశ్వవిద్యాలయ అధ్యక్షుడికి రాశారు. వైద్యుడు మందు మీద హక్కు కోరడం వృత్తిధర్మానికి విరుద్ధమని బాంటింగ్ మొదట తన పేరు చేర్చడానికి సమ్మతించలేదు; చట్టం ముందు దరఖాస్తు నిలవాలంటే ఆయన పేరు ఉండక తప్పలేదు. 1923 జనవరిలో ఆ హక్కు విశ్వవిద్యాలయ పాలకమండలికి బదిలీ అయింది.

ఇన్సులిన్ కమిటీ పేరుతో ఏర్పడిన సంఘం ఆ హక్కును వాడిన తీరు నిశితంగా చూడదగినది. జంతువుల గ్రంథుల నుంచి తీసిన మందు బలం ఒక విడతకూ మరో విడతకూ మారిపోయేది. ఎక్కువైతే చక్కెర పడిపోయి రోగి మూర్ఛతో మరణించవచ్చు, తక్కువైతే జబ్బుతోనే మరణించవచ్చు. కనుక బలాన్ని కొలిచే కొలమానం కావలసి వచ్చింది. ఇరవై నాలుగు గంటలు ఆహారం పెట్టని, రెండు కిలోల బరువున్న కుందేలు రక్తంలో చక్కెరను నాలుగు గంటలలోగా 45 మిల్లీగ్రాములకు, అంటే మూర్ఛ వచ్చే స్థాయికి, దించగల మోతాదును ఒక యూనిట్‌గా తొలుత నిర్ణయించారు; అది రోగులకు మరీ పెద్ద కొలత కావడంతో తరువాత తగ్గించారు. నేడు మధుమేహం ఉన్న ప్రతి తెలుగు ఇంటిలో వినిపించే యూనిట్లు అన్న లెక్కకు మూలం అదే. లైసెన్సు పొందిన కంపెనీల మందు టొరంటో పరీక్షకు నిలిస్తేనే బజారుకు వెళ్లేది. లిల్లీ తన మందును ఐలెటిన్ అన్న సొంత పేరుతో అమ్మినప్పుడు, ఇన్సులిన్ అన్న సాధారణ నామం కూడా పక్కన ఉండాలని విశ్వవిద్యాలయం పట్టుబట్టింది. బ్రిటన్‌లో హక్కును అక్కడి వైద్య పరిశోధన మండలికి అప్పగించింది, డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో స్వయంగా టొరంటో వచ్చి అనుమతి తీసుకెళ్లారు. వచ్చిన రాయల్టీని పరిశోధనకు వినియోగించారు.

పేటెంటు విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నంత మాత్రాన ప్రజాహితం జరిగి తీరుతుందనుకోవడం పొరపాటని అమెరికాలోని విస్కాన్సిన్ చూపింది. ఆహారంపై అతినీలలోహిత కిరణాలు ప్రసరిస్తే ఎముకల మెత్తదనాన్ని నివారించే విటమిన్ డి అందులో ఏర్పడుతుందని అక్కడి ఆచార్యులు హ్యారీ స్టీన్‌బాక్ నిరూపించారు, ఆ పేటెంటును చూసుకోవడానికి 1925లో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. పాడి పరిశ్రమకు పేరున్న ఆ రాష్ట్ర ప్రయోజనాల కోసం, పేదలు వెన్నకు బదులు కొనుక్కునే మార్జరిన్‌కు మాత్రం ఆ ఫౌండేషన్ లైసెన్సు నిరాకరించింది. 1940లలో అప్పీలు కోర్టు ఆ పేటెంటు చెల్లదంటూ ఈ నిరాకరణనూ ఎత్తిచూపింది. హక్కు రూపం టొరంటోలోనూ ఇక్కడా ఒకటే కాగా, ఎవరి కోసం వాడారన్నది వేరు.

ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనపై విశ్వవిద్యాలయాలే పేటెంటు పొందవచ్చని అమెరికా 1980లో బే-డోల్ చట్టం చేశాక ఇటువంటి నిర్ణయాలు వేల సంఖ్యకు చేరాయి. యేల్ విశ్వవిద్యాలయం తన చేతిలో ఉన్న స్టావుడిన్ అనే హెచ్‌ఐవీ మందు పేటెంటుపై ప్రత్యేక లైసెన్సును ఒక పెద్ద కంపెనీకి ఇచ్చివేసింది. దక్షిణాఫ్రికాలో చౌక మందును అనుమతించాలని 2001లో వైద్య స్వచ్ఛంద సంస్థ అడిగినప్పుడు, ఒప్పందం తమను కట్టివేసిందన్నదే యేల్ తొలి సమాధానం. విద్యార్థులు, మందుకు మూలమైన పరిశోధకులలో ఒకరైన విలియం ప్రూసాఫ్ గట్టిగా నిలదీయడంతో కంపెనీ అక్కడ పేటెంటును అమలు చేయబోమని ప్రకటించి, ధరను భారీగా తగ్గించింది. సంతకం పెట్టేనాడే ఆ షరతు రాసి ఉంటే రోగులు ఆందోళన కోసం ఎదురు చూడవలసిన అగత్యం ఉండేది కాదు.

అమెరికా చట్టం నమూనాలో భారత ప్రభుత్వం 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు 2014లో ఉపసంహరణ పొందింది, ఆ రంగంలో ప్రత్యేక చట్టం రాలేదు. కనుక మన విశ్వవిద్యాలయాలు కంపెనీలతో చేసుకునే ఒప్పందాలలో ధర, నాణ్యత, ఇతర తయారీదారులకు అవకాశం వంటి షరతులు ఉండాలా వద్దా అన్నది ఎక్కువగా ఆ సంస్థల వివేకానికే వదిలివేశారు. ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయం ఆ షరతులను ప్రజలకు కనిపించేలా రాయాలి, సంతకానికి ముందే రాయాలి. ఇది జరగని పని కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1980లలో నవజాత శిశువుల నుంచి వేరుచేసిన రోటా వైరస్ రకంతో, ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ, విదేశీ సంస్థల తోడ్పాటుతో, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ అతిసార నివారణ టీకాను తయారు చేసింది. ప్రభుత్వ కార్యక్రమానికి డోసు ఒక డాలరుకు ఇస్తామన్న మాట టీకా బజారుకు రాకముందే కంపెనీ నుంచి వచ్చింది, 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో దానిని మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.