బిద్రీ పనిలో పెట్టుబడి: వెండికీ శ్రమకూ న్యాయం



వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలు కష్టపడి కూడబెట్టిన సొమ్మును ఏ వ్యాపారంలో పెట్టాలా అని ఆలోచిస్తూ ఉంటాయి. కొందరు బంగారం కొని బీరువాలో దాస్తారు. కొందరు స్థలం కొంటారు. ఊరిలోని చేతిపనివానితో భాగస్వామ్యం కుదుర్చుకుందామనే తలంపు చాలా కొద్దిమందికే కలుగుతుంది. కలిగినవారు కూడా రెండే ప్రశ్నలు వేస్తారు: ఇది ధర్మసమ్మతమేనా? ఏడాదికి ఎంత వస్తుంది? ఈ రెండింటి నడుమ మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. లాభం ఎవరి శ్రమ నుండి వస్తున్నదో, ఆ శ్రమకు మన లెక్కలో చోటున్నదా? బిద్రీ కళను ఉదాహరణగా తీసుకొని ఈ నెల ఆ సంగతి పరిశీలిద్దాము.

బీదరు నేడు కర్ణాటకలో ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు అది హైదరాబాదు రాష్ట్రంలో భాగమే. బహమనీ సుల్తానుల కాలంలో అక్కడ వేళ్లూనుకున్న ఈ కళను బరీద్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు ఆదరించారు. హుక్కా బుడ్లు, పాన్‌దాన్‌లు, సురాహీలు, పళ్లాలు బిద్రీ పనితో తయారయ్యేవి. హైదరాబాదు సంపన్న కుటుంబాలలో పెళ్లి కానుకలుగా వీటిని ఇచ్చే వాడుక ఉండేది. మన ఉపఖండంలో కళ ప్రదర్శనశాలలో పుట్టలేదు. వంటయింటిలో, దివాన్‌ఖానాలో, పెళ్లి పెట్టెలో, నిత్యం చేయి తాకే వస్తువులో పుట్టింది. పారసీక లతలు, పూల బుటాలు, చక్కని దస్తూరీ, దక్కను మట్టి అన్నీ బిద్రీలో ఒకటైనాయి. ముస్లిములూ హిందువులూ ఈ పని చేశారు. 2023లో బీదరుకు చెందిన బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ లభించడం ఈ కళకు దేశమిచ్చిన గౌరవం.

పని విధానం తెలియనిదే పెట్టుబడి లెక్క తెలియదు. అధికభాగం జింకు, కొద్దిగా రాగి కరిగించి మట్టి అచ్చులో పోస్తారు. చల్లారిన పాత్రను ఆకురాయితో నునుపు చేస్తారు. మైలుతుత్తం నీరు పూయగా పైభాగం తాత్కాలికంగా నల్లబడుతుంది. దానిపై ఉక్కు మొనతో నమూనా గీస్తారు. తరువాత చిన్న చిన్న ఉలులతో గాడులు తొలిచి, అందులో వెండి తీగనో రేకునో సుత్తితో పొదుగుతారు. మళ్లీ నునుపు చేస్తారు. చివరకు బీదరు కోటలోని పాత మట్టిని నవాసారంతో కలిపిన ద్రావణంతో పాత్రను శుద్ధి చేస్తారు. అప్పుడు లోహం శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. నూనె రాయగానే ఆ నలుపు మరింత నిగారిస్తుంది.

ఇక లెక్కకు వద్దాము. ఇది కేవలం అవగాహన కోసం ఊహించినది. ఒక కుటుంబం మూడు లక్షల రూపాయలు పెట్టిందనుకుందాము. కొలిమి, పనిముట్లకు 40,000, వెండికి 1,60,000, జింకు, రాగికి 20,000, సహాయకుల కూలికి 50,000, అత్యవసరాల కోసం చేతిలో 30,000. వెండి కొన్న రోజు నుండి సరుకు అమ్ముడై సొమ్ము చేతికందే వరకు నాలుగు నెలలు పడితే, సొమ్ము ఏడాదికి మూడుసార్లు తిరుగుతుంది. ప్రతి తడవకు ఖర్చులు పోగా 60,000 మిగిలితే ఏడాదికి 1,80,000. పనిముట్లు ఐదేళ్లు మన్నుతాయనుకుంటే ఏటా 8,000 అరుగుదల తీసివేయాలి. పంచుకోవలసిన లాభం 1,72,000.

చెరి సగం అనుకుంటే పెట్టుబడిదారునికి 86,000 వస్తుంది. అంటే నూటికి 28 రూపాయలకు పైమాటే. ఈ అంకె చూసి ఆనందించే ముందు రెండవ వైపు చూడాలి. పనివాడు ఈ లెక్కలో వేరే కూలి తీసుకోలేదు. అతని 86,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు సుమారు 7,170 రూపాయలు. దానితో ఒక సంసారం గడవదు. కావున ఆ 28 రూపాయలు మన తెలివికి వచ్చిన ఫలం కాదు. అతని శ్రమకు వెల కట్టకుండా వదిలినందువలన కనబడిన అంకె. పెట్టుబడికి 30, పనికి 70 పాళ్లు అనుకుంటే పెట్టుబడిదారునికి 51,600, అంటే నూటికి 17 రూపాయలకు పైగా దక్కుతుంది. పనివానికి నెలకు 10,000 రూపాయలు దాటుతుంది. ఇదీ ఎక్కువేమీ కాదు, కాని అతడు పనిలో నిలబడేందుకు అవకాశం ఇస్తుంది.

సరుకు ఆలస్యంగా అమ్ముడై సొమ్ము రెండుసార్లే తిరిగితే? లాభం 1,12,000కు దిగుతుంది. అదే 30, 70 పాళ్లలో పెట్టుబడికి 33,600, పనివానికి నెలకు సుమారు 6,530. ఈ వ్యాపారంలో అసలు సమస్య వెండి ధర ఒక్కటే కాదు, అల్మారాలో నిలిచిపోయిన పాత్ర కూడా. అందుచేత సొమ్ము పెట్టే ముందు ‘ఎంత లాభం?’ అని అడగడం కంటె ‘సరుకు ఎవరు కొంటారు? ఎన్నాళ్లకు కొంటారు?’ అని అడగడం మేలు.

మరొక మాట. వ్యాపారం దెబ్బతింటే కొలిమిని అమ్ముకోవచ్చు. వెండి లోహంగా ఎంతో కొంత తిరిగి వస్తుంది. ఉలిపై వంగి గడిపిన నెలలు మాత్రం తిరిగి రావు. షరీఅత్ ఈ సత్యాన్ని ముందే గుర్తించింది. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిసే ఒప్పందాన్ని ముజారబత్ అంటారు. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఖదీజా (రజి.) గారి ధనంతో వర్తకం చేసిన విషయం మనందరికీ తెలిసినదే. ముజారబత్‌లో లాభాన్ని ముందుగా నిర్ణయించుకున్న పాళ్లలో పంచుకుంటారు. పనివాని నిర్లక్ష్యం, ఒప్పంద ఉల్లంఘన లేకుండా నష్టం వస్తే ఆ నష్టం ధనం పెట్టినవానిదే. శ్రమ పోగొట్టుకున్నవానిపై ధన నష్టాన్ని కూడా మోపడం న్యాయం కాదు గదా! ‘లాభనష్టాలతో పని లేదు, నెలకు నాకింత ఇవ్వు’ అన్న క్షణాన అది భాగస్వామ్యం కాకుండా పోతుంది, వడ్డీ తలుపు తెరుచుకుంటుంది. అలాగే వెండిని అప్పుగా ఇచ్చి, తయారైన వస్తువును తాను చెప్పిన తక్కువ ధరకు తనకే అమ్మాలని షరతు పెట్టడం కూడా అప్పు ద్వారా లబ్ధి పొందడమే. దానికి సహాయమని పేరు పెట్టినంత మాత్రాన స్వభావం మారదు.

కావున ఈ మార్గంలో అడుగుపెట్టదలచిన కుటుంబాలకు మా సూచనలు ఇవి. రెండేళ్లలో బిడ్డ పెళ్లికో చదువుకో వైద్యానికో కావలసిన సొమ్మును ఇందులో పెట్టవద్దు. ఒప్పందాన్ని వ్రాసుకోండి, సాక్షులను ఉంచుకోండి. అప్పు లావాదేవీలను వ్రాసుకోవాలని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. బంధుత్వమో స్నేహమో ఉన్నచోట వ్రాత మరింత అవసరం. వెండి తూకం, సహాయకుల కూలి, అమ్మకపు ధర ఇద్దరి వద్దా నమోదు కావాలి. ఏడాది నిండినప్పుడు అమ్మకానికి ఉన్న సరుకును ఆనాటి బజారు ధరకు లెక్కగట్టి జకాత్ చెల్లించండి. పనిముట్లపై జకాత్ లేదు. తినే, త్రాగే పాత్రలలో వెండి వాడకం గురించి ధర్మశాస్త్రంలో ప్రత్యేక నియమాలున్నాయి. అటువంటి సరుకు తయారుచేయించే ముందు ముఫ్తీ గారిని సంప్రదించండి. పూలకుండీలు, పెట్టెలు మొదలైన వాటితో ప్రారంభించడం సులువు.

పని నేర్చుకునే కుర్రవానికి ఇచ్చే భృతిని వృథా ఖర్చుగా కొట్టివేయవద్దు. కొలిమి ఐదేళ్లు మన్నితే, నేర్చిన చేయి నలభై ఏళ్లు పనిచేస్తుంది. నమూనా గీయగల చేయి లేని కార్ఖానాలో ఎంత వెండి ఉన్నా అది ముడిసరుకే.

లక్షలు పెట్టగల స్తోమత అందరికీ ఉండదు. అటువంటివారు పెళ్లికి ఇవ్వదలచిన ఒక చిన్న కానుకను నేరుగా పనివాని చేతనే చేయించుకోవచ్చు. వస్తువు కొలత, వెండి పని, ధర, అందించే గడువు స్పష్టంగా నిర్ణయించుకొని బయానా ఇవ్వవచ్చు. దీనిని ఇస్తిస్నాఅ్ అంటారు. ముందే అమ్ముడైన వస్తువు అల్మారాలో నిలిచిపోదు. ఇచ్చిన బయానాతో పనివాడు అప్పు చేయకుండా వెండి కొనుక్కుంటాడు.

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (సఅసం) బోధనను మనం పిల్లలకు నేర్పుతూ ఉంటాము. లాభాన్ని పంచుకోవడానికి కూర్చున్నప్పుడు కూడా అది మనకు గుర్తుండాలి. మన సంపాదనలోనూ, దానిని సంపాదించి పెట్టిన చేతులలోనూ అల్లాహ్ శుభం ప్రసాదించుగాక! ఆమీన్.