పాట మధ్యలో టకటకలా? కంప్యూటర్‌కి ఎంత పథ్యం పెట్టాలి?

ఇంట్లో పెద్దవాళ్ళు పాడుకునే పాటలని కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచుకోవాలన్న కోరిక ఈమధ్య చాలామంది గృహిణులలో కనిపిస్తోంది. మంచి కోరికే. అత్తగారి నోటా, అమ్మమ్మ నోటా ఉన్న పెళ్ళిపాటలూ, మంగళహారతులూ, లాలిపాటలూ అన్నీ పుస్తకాలలో దొరకవు. దొరికినా మాటలు దొరుకుతాయి గానీ వరస దొరకదు కదా!

రాజమండ్రి నుంచి ఒక సోదరి రాశారు. ఆవిడ అత్తగారికి 84 ఏళ్ళు. 'ఊర్మిళాదేవి నిద్ర' లాంటి పొడుగు పాటలు పుస్తకం చూడకుండా పాడతారట. మనవడు యుఎస్‌బి మైకు కొనిచ్చాడు. మూడు రోజులు కూర్చుని రికార్డు చేస్తే, పాట మధ్యలో 'టక్, టక్' అని చప్పుళ్ళు, ఒక్కోచోట మాట మింగేసినట్టు ఖాళీలు. పెద్దావిడకి మళ్ళీ మళ్ళీ పాడే ఓపిక లేదు. కంప్యూటర్ బాగుచేసే కుర్రాణ్ణి పిలిస్తే, యాంటీవైరస్ తీసేస్తాననీ, విండోస్ అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేస్తాననీ, తన దగ్గరున్న 'స్పీడు పెంచే' సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాననీ చెప్పాడట. ఆ కంప్యూటర్‌లోనే మామగారి పెన్షను బ్యాంకు లావాదేవీలూ, ఇరవై ఏళ్ళ ఫోటోలూ ఉన్నాయి. చేయించమంటారా అని అడిగారు.

వద్దండీ! ఆ మూడింటిలో ఒక్కటి కూడా అక్కర్లేదు. పాట కోసం ఇంటి తలుపులు తీసి పడుకోనవసరం లేదు.

అసలు ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో ముందు కనిపెట్టాలి. గొంతు పైకి వెళ్ళినప్పుడే, గట్టిగా పాడినప్పుడే బరబరమంటే అది కంప్యూటర్ తప్పు కాదు, మైకు మట్టం ఎక్కువైందన్నమాట. రికార్డు చేసేటప్పుడు కనబడే ఆకుపచ్చ గీత బాగా గట్టిగా పాడినచోట కూడా మైనస్ 6 దగ్గర ఆగేలా తగ్గించుకుంటే చాలు. పాట పొడుగునా 'గుయ్'మని ఒకే మోత వినిపిస్తుంటే కరెంటు ప్లగ్గు సంగతి చూడండి. ఎర్తింగ్ సరిగా లేని చోట ఛార్జరు వల్ల ఆ మోత వస్తుంటుంది. ఒక్క నిమిషం ఛార్జరు తీసి వినండి, పోతే దొంగ దొరికినట్టే. ఇవి రెండూ కాక, మెల్లగా పాడుతున్నా, ఎవరూ పాడకపోయినా, లెక్కాపత్రం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు టక్కుమంటే మాత్రం అది కంప్యూటర్ పనే.

ఎందుకలా అంటుంది? కంప్యూటర్ మన గొంతుని సెకనుకి 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి రాసుకుంటుంది. కొలిచిన వాటిని ఒక చిన్న గిన్నెలో పట్టి, నిండగానే తీసుకెళ్ళి డిస్కులో పోస్తుంది. ఆ గిన్నె పేరే బఫరు. కుళాయి ధారగా వస్తోంది, కింద చెంబు పెట్టారు, నిండగానే తీసుకెళ్ళి గంగాళంలో పోసి మళ్ళీ పెడుతున్నారు అనుకోండి. ఈలోగా వీధి తలుపు కొట్టారు. మీరు వెళ్ళి వచ్చేసరికి చెంబు పొర్లిపోయింది. ఆ పొర్లిపోయిన నీళ్ళే మీ పాటలో మింగుడుపడ్డ మాట. బఫరు 256 అని పెట్టి ఉంటే, సెకనుకి 48,000 లెక్కన అది నిండటానికి పట్టేది 5.3 మిల్లీసెకన్లు మాత్రమే. 1024 అని పెడితే 21 మిల్లీసెకన్లు. చెంబు బదులు బిందె పెట్టినట్టు.

మరి పెద్ద బిందె పెడితే నష్టమేమిటి అంటే, మనం పాడింది మన చెవిలోని ఫోనులోకి ఆలస్యంగా వినిపిస్తుంది. ముందే రికార్డు చేసిన వీణ వింటూ దానికి జతగా పాడేవాళ్ళకి, తమ గొంతు తమకే ఆలస్యంగా వినబడితే తాళం తప్పుతుంది. అందుకని సంగీతం వృత్తిగా చేసుకున్నవాళ్ళు బఫరు చిన్నది పెట్టి, కంప్యూటర్‌కి నానా పథ్యాలూ పెడతారు. మీ అత్తగారు హాయిగా మంచం మీద కూర్చుని పాడేవారు. చెవికి ఏమీ పెట్టుకోరు. ఆవిడకి ఆలస్యంతో ఏం పని? నిశ్చింతగా పెద్ద బఫరు పెట్టేయండి. నన్నడిగితే సగం ఇళ్ళల్లో రోగం దీనితోనే కుదురుతుంది.

ఉచితంగా దొరికే అడాసిటీ వాడేవారు ప్రిఫరెన్సెస్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరిస్తే 'బఫర్ లెంగ్త్' అని కనబడుతుంది. మామూలుగా 100 మిల్లీసెకన్లు ఉంటుంది. ఎవరైనా తగ్గించి ఉంటే మళ్ళీ 100కి తెచ్చేయండి, ఇంకా టక్కుమంటే 200 చేయండి. పక్కనే 'హోస్ట్' అన్న చోట విండోస్ వాసాపీ ఎంచుకుంటే మంచిది. వేరే సాఫ్ట్‌వేర్లలో ఆసియో అనే మాట కనిపిస్తుంది. స్టైన్‌బర్గ్ కంపెనీవారు 1997లో తెచ్చిన పద్ధతి అది. ఆలస్యం తగ్గించడానికే పుట్టింది. మీ మైకు లేదా ఆడియో పెట్టె తయారుచేసినవారే తమ ఆసియో డ్రైవరు ఇస్తే దాన్నే వాడండి.

బఫరు పెంచినా చప్పుడు పోలేదనుకోండి. అప్పుడు వీధి తలుపు ఎవరు కొడుతున్నారో చూడాలి. అయితే ఏదైనా మార్చే ముందు పాల లెక్క రాసుకున్నట్టు ఒక పుస్తకం పక్కన పెట్టుకోండి. ఏది మార్చారు, ముందు ఎలా ఉండేది, ఈ రెండూ రాయండి. ఫోనుతో తెర ఫోటో తీసుకున్నా సరే. ఒకసారికి ఒక్కటే మార్చి, రెండు నిమిషాలు రికార్డు చేసి వినాలి. కూరలో ఉప్పూ, కారం, పులుపూ ఒకేసారి వేసేసి ఏది ఎక్కువైందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఫోటోలూ, ముఖ్యమైన కాగితాలూ ముందుగా వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. స్టార్ట్ దగ్గర 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని కొడితే వచ్చే కిటికీలో ప్రొటెక్షన్ ఆన్ చేసి ఒక పాయింటు పెట్టుకుంటే, డ్రైవర్లూ అవీ చెడితే వెనక్కి వెళ్ళవచ్చు. అది మీ ఫోటోలని కాపాడదు సుమా! వాటికి వేరే కాపీ ఉండాల్సిందే.

ఇక మొదటి మార్పు కరెంటు పొదుపు. లాప్‌టాప్ ఖాళీ దొరికితే చాలు, కునుకు తీస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీకి వెళ్ళి పవర్ మోడ్‌ని 'బెస్ట్ పెర్ఫార్మెన్స్'కి మార్చండి. తెర ఆరిపోయే సమయమూ, నిద్రపోయే సమయమూ కూడా పెంచండి, పాట మధ్యలో కంప్యూటర్ జోగకుండా. కంట్రోల్ పానెల్‌లో పవర్ ఆప్షన్స్ లోపలికి వెళితే 'యుఎస్‌బి సెలెక్టివ్ సస్పెండ్' అని ఉంటుంది. యుఎస్‌బి మైకుకి అందే శక్తిని పొదుపు చేసేది అదే. దాన్ని డిజేబుల్ చేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ గడి కనిపించదు, కనిపించకపోతే వదిలేయండి. మైకుని హబ్బుకి కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చండి.

ఇందులో ఒక చిక్కుంది. పూర్తి వేగం ఇస్తే లాప్‌టాప్ వేడెక్కి ఫాను గొంతెత్తుకుంటుంది, ఆ హోరు మైకులో పడుతుంది. లాప్‌టాప్‌ని పరుపు మీద పెడితే గాలి దారులు మూసుకుపోయి మరీ హోరెత్తుతుంది. పీట మీద పెట్టి, మైకుకి వీలైనంత దూరంగా ఉంచండి. పెద్ద బఫరుతోనే పని జరిగిపోతుంటే మటుకు ఈ పూర్తి వేగం అక్కర్లేదు, మామూలు పద్ధతిలోనే ఉంచండి.

తర్వాత వైఫై. తలుపు కొట్టేవాళ్ళలో ఇది పెద్ద ఘటం. రికార్డింగుకి ముందు 'ఎయిర్‌ప్లేన్ మోడ్' ఒక్కటి నొక్కితే వైఫై, బ్లూటూత్ రెండూ నోరు మూసుకుంటాయి. అప్‌డేట్లూ వైఫైలోంచే వస్తాయి కనుక ఆ గంటసేపు అవి కూడా రావు. చూశారా, శాశ్వతంగా ఆపే పనే లేదు! ఒకవేళ మూడు నాలుగు రోజుల కార్యక్రమం అయితే విండోస్ అప్‌డేట్ పేజీలో ఒక వారం 'పాజ్' పెట్టుకుని, అయిపోగానే తిరిగి మొదలుపెట్టండి. వన్‌డ్రైవ్ వాడేవాళ్ళు దాన్ని కూడా రెండు గంటలు పాజ్ చేయవచ్చు.

కంప్యూటర్ ఆన్ చేయగానే పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చునే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ చూసి, మీకు బాగా తెలిసిన ఆటలూ, చాటింగులూ డిజేబుల్ చేయండి. పేరు తెలియనివాటి జోలికి పోవద్దు.

ఇంతా చేసినా చప్పుడు వస్తుంటే రెస్‌ప్లెండెన్స్ వారి లేటెన్సీమాన్ అనే పనిముట్టు ఉంది. ఇంటి వాడకానికి ఉచితమే. తయారీదారు వెబ్‌సైటు నుంచే తీసుకోండి. పది నిమిషాలు నడిపిస్తే ఈ కంప్యూటర్ శబ్దం పనికి పనికొస్తుందో లేదో వాక్యంలో చెబుతుంది. ఏ డ్రైవరు ఎక్కువసేపు కంప్యూటర్‌ని పట్టుకుని కూర్చుందో పేరు చూపిస్తుంది. ఎన్‌డిఐఎస్ డాట్ సిస్ అని ఉంటే నెట్‌వర్కు వైపు, ఏసీపీఐ డాట్ సిస్ అని ఉంటే బ్యాటరీ, కరెంటు వైపు చూడాలన్నమాట. అప్పుడు లాప్‌టాప్ కంపెనీవారి సైటులో ఆ డ్రైవరు కొత్తది ఉంటే వేసుకోవాలి. ఆ కుర్రాణ్ణి పిలవాల్సింది ఇక్కడ. ఈ పేరు రాసిన కాగితం చేతికిచ్చి 'ఇది ఒక్కటే చూడు నాయనా' అనండి.

అతను చెప్పిన మూడు సంగతులూ మళ్ళీ చూద్దాం. యాంటీవైరస్ వల్ల ఇబ్బంది నిజంగా ఉందని తేలితే పాటలు దాచే ఒక్క ఫోల్డరుని విండోస్ సెక్యూరిటీలో 'ఎక్స్‌క్లూజన్స్' కింద చేర్చవచ్చు, మొత్తం తీసేయడం ఎందుకు? ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్న గంటలో దానికి పెద్దగా పనే ఉండదు. స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే పనిముట్లని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. అందులో చెడితే విండోస్ మొత్తం తిరిగి వేసుకోవాల్సి రావచ్చు. పైగా తాళం విరగ్గొట్టిన కాపీ అయితే బ్యాంకు పాస్‌వర్డులకే ఎసరు. బయోస్‌లో మార్పులు చేస్తానన్నా ఒప్పుకోకండి. డిస్కుకి గుప్తలిపి ఉన్న లాప్‌టాప్‌లలో ఆ మార్పు తర్వాత రికవరీ కీ అడిగి, అది లేకపోతే లోపలికి రానివ్వదు. ఇలాంటి చిట్కాలు చాలావరకు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కాలంనాటివి, ఈనాటి యంత్రాలకి నప్పవు. విండోస్ 10 వాడుతున్నవారు ఇంకో మాట గుర్తుంచుకోండి. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి యంత్రానికి యాంటీవైరస్ కూడా తీసేస్తే ఇక చెప్పేదేముంది!

వేగంతో సంబంధం లేకపోయినా పాటని పాడుచేసేది ఒకటుంది. కొన్ని కంప్యూటర్లు మాటలు బాగా వినబడాలని చుట్టుపక్కల చప్పుడు తీసేస్తాయి. ఫాను మోత తీసేసినట్టే శ్రుతిపెట్టె నాదాన్నీ, తంబూరానీ చప్పుడనుకుని మింగేస్తాయి! దీర్ఘంగా లాగిన స్వరం కూడా మధ్యలో సన్నగిలుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లో మీ మైకు పేరు నొక్కి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేసేయండి. అక్కడే మైకుకి 48,000 అని ఉంటే రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి వద్దు. ఆలస్యం ఎక్కువ, పైగా దాని మైకు వాడితే శబ్దం టెలిఫోను మాటలా తయారవుతుంది. తీగ ఉన్నది ఎంత చవకదైనా మేలే. వీణకి జతగా పాడేవారికి, 'డైరెక్ట్ మానిటర్' మీట ఉన్న ఆడియో పెట్టె దొరికితే గొంతు కంప్యూటర్ లోపలికి వెళ్ళి రాకుండానే చెవికి చేరుతుంది.

పెద్దావిడని కూర్చోబెట్టే ముందు రోజే మీరే పావుగంట ఏదైనా పాడి రికార్డు చేసి, మొదటినుంచీ చివరిదాకా వినండి. డిస్కులో చోటు చూసుకోండి. 24 బిట్లు, 48,000 లెక్కన ఒక్క మైకుతో పాడితే గంటకి అర జీబీకి కాస్త అటూఇటూ పడుతుంది. ఆ రోజున ఒక్కో పాటనీ వేరే ఫైలుగా, వావ్ రూపంలోనే దాచండి. ఎంపీ3 తర్వాత బంధువులకి పంపడానికి చేసుకోవచ్చు. పాట పేరు, పాడినవారి పేరు, తేదీ ఫైలు పేరులోనే రాసేయండి. సాయంత్రమే ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి, ఒక కాపీ ఇంకొకరి ఇంటికి. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసి, అప్‌డేట్లు మళ్ళీ మొదలుపెట్టి, పుస్తకంలో రాసుకున్న ప్రకారం పవర్ మోడ్ పాత చోటికి తెచ్చి పెట్టండి.