యవనుడు ఎవరు?

ప్రబంధయుగాన్ని బోధించేటప్పుడు శ్రీకృష్ణదేవరాయల బిరుదుల ప్రస్తావన తప్పదు. ‘యవనరాజ్యస్థాపనాచార్య’ అనే బిరుదు ఆ వరుసలోనే వస్తుంది. ఒకనాడు తరగతిలో మేము ఆ మాట పలుకగానే సిరిసిల్ల నుండి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, “సార్, యవనులంటే గ్రీకులు గదా? శాతకర్ణి సినిమాల చూసినం. మరి రాయలు గ్రీకుల రాజ్యం ఎట్ల నిలబెట్టిండు?” అని అడిగాడు. మేము జవాబు చెప్పేలోపే వెనుక వరుసలో మరొకడు, “యవనులంటే తురకలురా” అని మెల్లగా అన్నాడు. తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. కొందరి చూపులు పుస్తకాలలోకి దిగాయి. కొందరివి మా వైపు తిరిగాయి.

ఇద్దరు విద్యార్థులూ చెప్పినది నిజమే. ఒకప్పుడు గ్రీకులకు చెల్లిన ఆ పేరు కాలక్రమాన ముస్లిములకు కూడా చెల్లింది. రాయల బిరుదు బహమనీ రాజవంశీయుని తిరిగి సింహాసనంపై నిలిపిన సందర్భంలోనిదని చరిత్రకారులు చెబుతారు. ఆ నాటి రాజు ఆ మాటను ఘనతగా చెప్పుకున్నాడు. అదే మాట నేడు ఒక తరగతి గదిని ఎందుకు నిశ్శబ్దం చేసింది? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా దినాలు వదలలేదు. ఆలోచించిన కొలదీ మాకు తోచినది ఇది: మన విద్యార్థికి యవనుడు శిలాశాసనం నుండి రాలేదు, గ్రంథం నుండి రాలేదు, వెండితెర మీద నుండి వచ్చాడు. వచ్చినవాడు ఖడ్గం దూసి వచ్చాడు.

ప్రాచీన గ్రీసు, రోము చరిత్రలు చలనచిత్రానికి మొదటి నుండీ ప్రియమైన వస్తువులు. మన దేశంలో 1941లో సొహ్రాబ్ మోదీ ‘సికందర్’ తీశాడు. పృథ్వీరాజ్ కపూర్ సికందరుగా, మోదీ స్వయంగా పోరస్‌గా నటించారు. మోదీ పారశీకుడు. జరతుష్ట్ర మత సంప్రదాయంలో పెర్సెపోలిస్ నగరాన్ని తగులబెట్టిన అలెగ్జాండరు శాపగ్రస్తుడు. అయినా ఆయన ఆ వీరుణ్ణి రాక్షసునిగా చూపలేదు. పోరసుకూ సికందరుకూ సమానమైన గౌరవం దక్కేటట్లు కథ నడిపాడు. 1958లో బిమల్ రాయ్ తీసిన ‘యహూదీ’కి మూలం ఆగా హష్ర్ కాశ్మీరీ ఉర్దూ నాటకం; రోమన్ రాజకుమారుడూ యూదుల ఇంటి పిల్లా అందులో చక్కని ఉర్దూలో మాట్లాడుకుంటారు. తెలుగున 1977లో ఎన్.టి. రామారావు దర్శకత్వంలో వచ్చిన ‘చాణక్య చంద్రగుప్త’లో శివాజీ గణేశన్ అలెగ్జాండరు పాత్ర ధరించాడు. ఆ తరం ప్రేక్షకునికి గ్రీకువీరుడు పరాయివాడే గాని పురుగు కాదు.

మన విద్యార్థులు చేతి ఫోనులో చూసే చిత్రాలు వేరు. 2006 నాటి ‘300’ అనే అమెరికన్ చిత్రంలో స్పార్టా వీరులు శిల్పాలవలె ఉంటారు. వారి మీదికి వచ్చిన పారశీక సైన్యంలో వికృతరూపులు, రాక్షసాకారులు నిండి ఉంటారు. ఇరాన్ ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిరసించింది. 2017లో మన తెలుగున ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ వచ్చింది. అందులో చివరి యుద్ధం డెమెట్రియస్ అనే గ్రీకు ప్రభువుతో. ఒక చిత్రంలో తూర్పువాడు ముష్కరుడు, మరొక చిత్రంలో పడమటివాడు ముష్కరుడు. కథ మాత్రం ఒక్కటే. సరిహద్దు అవతల నుండి వచ్చినవాడు కీడు తలపెట్టి వచ్చాడు, వానిని చంపడమే వీరధర్మం.

శాతకర్ణి శకయవనపహ్లవులను నిర్మూలించినవాడని ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పించిన మాట వాస్తవం. దానిని మేము కాదనడం లేదు. కాని డెమెట్రియస్ క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్ది తొలి పాదంలోనివాడు. శాతకర్ణి ఆయనకు రెండు వందల యేండ్లకు పైగా తరువాతివాడు. ఇద్దరూ ఎదురుపడే అవకాశమే లేదు. సినిమా వినోదం కొరకు గదా, లెక్కలెందుకని కొందరంటారు. కవికి స్వాతంత్ర్యం కావలెనని తెలుగు చెప్పుకునే మాకు తెలియకపోలేదు. ప్రబంధకవులు ఇంతకన్న పెద్ద సాహసాలు చేశారు. అయితే ప్రబంధం చదివినవాడు పురాణం కూడా చదివి ఉండేవాడు. మన విద్యార్థికి ఈ విషయంలో సినిమా తప్ప రెండవ పుస్తకం లేదు. మా అభ్యంతరమంతా ఇక్కడనే.

ఆ రెండవ పుస్తకం ఎక్కడో లేదు, అదే నాసిక్‌లో ఉన్నది. అక్కడి గుహలలో మరొక శాసనం ఉన్నది. ఉత్తరదేశీయుడు, దత్తామిత్రి పట్టణవాసి, యోనకుడు అయిన ఇంద్రాగ్నిదత్తుడు బౌద్ధభిక్షువుల కొరకు ఆ గుహను తొలిపించాడని అది చెబుతున్నది. యోనకుడనగా యవనుడే. దత్తామిత్రి అనే ఊరు డెమెట్రియస్ పేరు మీద వెలసినదని పలువురు పండితుల ఊహ. కార్లే చైత్యాలయానికి పోయి చూస్తే ధేనుకాకట నుండి వచ్చిన యవనులు ఒక్కొక్క స్తంభం దానంగా ఇచ్చినట్లు ఆ స్తంభాల మీదనే చెక్కి ఉన్నది. తెర మీద ఏ పేరు శత్రువు పేరో, రాతి మీద ఆ పేరు గల ఊరివాడు దాత. యుద్ధం చేసిన యవనుడూ ఉన్నాడు, స్తంభం నిలిపిన యవనుడూ ఉన్నాడు. మొదటివాడు మాత్రమే సినిమాకు ఎక్కాడు.

వర్తకుడైన యవనుడు ఇంకొకడు. గ్రీకు నావికుడొకడు క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో వ్రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అనే గ్రంథం మసాలియా ప్రాంతపు సన్నని వస్త్రాలను పేర్కొన్నది. అది నేటి మచిలీపట్నపు తీరమే. తీరప్రాంతపు సరకులు తగరకు చేరి, అక్కడి నుండి బండ్ల మీద పడమటి రేవులకు పోయేవని కూడా చెప్పింది. ఆ బాటలు మన పీఠభూమి మీదుగా సాగి ఉంటాయని చరిత్రకారుల అభిప్రాయం. ఏటేటా 5 కోట్ల సెస్టర్సులు భారతదేశానికి తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆయన దుఃఖానికి సాక్ష్యం మన నేలలోనే దొరికింది: నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగిన సిరిసిల్ల విద్యార్థికి రోము అనగానే కత్తిసాము చేసే బానిస గుర్తుకు వస్తాడు. నేత బట్ట కొరకు సముద్రం దాటిన కొనుగోలుదారుడు గుర్తుకు రాడు. ఆ రెండవ రోములో తన పూర్వుల చేతి పని ఉన్నదని ఆ పిల్లవానికి ఎవరు చెప్పాలి?

ఇక మన నిత్యవ్యవహారాన్ని చూద్దాము. యవన శబ్దమూ యూనాన్ శబ్దమూ రెండూ ‘అయోనియా’ అనే గ్రీకు ప్రాంతపు పేరు నుండి పుట్టిన అక్కచెల్లెళ్ళు. ఒకటి సంస్కృతం వాకిట వచ్చింది, రెండవది అరబ్బీ వాకిట వచ్చింది. కోరుట్లలోనో జగిత్యాలలోనో ‘యూనానీ దవాఖానా’ అనే పలక కింద నిలబడినవాడు యవనుల వైద్యశాల వాకిట నిలబడినట్లే. అక్కడ ఇచ్చే ‘జవారిష్ జాలీనూస్’ సీసా మీది జాలీనూస్ ఎవరు? పెర్గమమ్ నగరంలో పుట్టి, మొదట కత్తిసాము యోధుల గాయాలకు కట్లు కట్టి, తరువాత రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు వైద్యుడైన గేలెన్. 2000లో వచ్చిన ‘గ్లాడియేటర్’ చిత్రంలో కనిపించే వృద్ధ చక్రవర్తి ఈ మార్కస్ ఆరీలియసే. ఆ చిత్రాన్ని పదిసార్లు చూసిన విద్యార్థి, అజీర్తికి తన నానమ్మ వాడే మందు మీద ఆ చక్రవర్తి వైద్యుని పేరు ఉన్నదని ఎరుగడు.

ఆ పేరు రోము నుండి మన వీధికి ఎట్లా వచ్చింది? తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ పండితుడు గేలెన్ గ్రంథాలను సిరియాకు, అరబ్బీ భాషలలోకి అనువదించాడు. ఆ విద్యను ఇబ్న్ సీనా తన ‘ఖానూన్’లో క్రోడీకరించాడు. గ్రీకు పండితుడు వ్రాయగా, క్రైస్తవుడు అనువదించగా, ముస్లిం వైద్యుడు విస్తరించగా, మన ఊరి హకీము అన్ని కులాల, మతాల రోగులకూ ఆ మందే ఇచ్చాడు. ఏ చలనచిత్రమూ ఇంతకన్న గొప్ప కథ చెప్పలేదని మా నమ్మకం.

భాషలోనూ ఇంతే. ‘ఖానూన్’ గ్రీకు ‘కనోన్’. మనం వ్రాసే ‘కలం’ అరబ్బీ మీదుగా వచ్చిన గ్రీకు ‘కలమోస్’. మన పల్లెలలో నిన్నమొన్నటి దాకా వెలిగిన ‘కందీలు’ లాటిన్ ‘కందేలా’. జ్యోతిష్యంలోని ‘హోర’, గణితంలోని ‘కేంద్రం’ గ్రీకు మాటలు. ‘దీనారం’ రోమన్ ‘దెనారియస్’. ఎవరైనా గొప్పలు పోతే “పెద్ద అఫ్లాతూన్” అని ఎగతాళి చేస్తాము. ఆ అఫ్లాతూను ప్లేటోయే. కొన్ని మాటలు తెలుగు విభాగం వాకిట, కొన్ని ఉర్దూ విభాగం వాకిట వచ్చాయి గాని, బయలుదేరిన ఇల్లు ఒకటే. మన కళాశాలలో ఈ రెండు విభాగాలకూ మధ్య ఉన్నది ఒక్క నడవ మాత్రమే. ఆ నడవను దాటి పాఠం వినడానికి వచ్చే విద్యార్థులు ఎందరో మనకు తెలుసు.

యవనుడంటే ఎవరని ఆ దినం అడిగిన విద్యార్థికి మేమిచ్చిన జవాబు చిన్నది: “దూరం నుండి వచ్చినవానికి మనవాళ్ళు పెట్టిన పేరు నాయనా. వాడు ఏం తెచ్చాడన్నది ప్రతిసారీ విడిగా అడగాలి.” అది తరగతికి చాలినదేమో గాని మాకు చాలలేదు. కావున ఈ పత్రిక ముఖాన కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు చేస్తున్నాము.

మొదటిది. మన జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉన్నది. శాతవాహన వంశకర్తగా చెప్పబడే సిముకుని నాణేలు అక్కడ దొరికాయి. 1970వ దశకం చివరి నుండి జరిగిన పరిశోధనలు ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చాయి. ఎల్లంపల్లి జలాశయపు నీటి ముప్పు ఆ పురాతన స్థలానికి ఏర్పడి ఉన్నది. శాతకర్ణి చిత్రాన్ని వందసార్లు తలచుకునే మన పిల్లలలో ఆ ఊరి మట్టి తొక్కినవారు అరుదు. ప్రతి సంవత్సరం విహారయాత్ర పేరున దూరపు ఊళ్ళకు ఇచ్చే బస్సును ఒక్క దినం అటు మళ్ళించవలసినదిగా కోరుతున్నాము. ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు ఒకే బస్సులో పోవాలి. ఇది మా షరతు.

రెండవది. గ్రంథాలయంలో ప్రాచీన చరిత్రకు ఒక బీరువా, అందులో రెండు భాషలలోనూ పుస్తకాలు ఉండాలి. సినిమా చూడవద్దని మేము ఎన్నడూ అనము, మేమూ చూస్తాము. చూసి వచ్చిన పిల్లవాడు మరునాడు తెరవడానికి ఒక పుస్తకం చేతికి అందేటట్లు ఉండాలి.

విద్యార్థులారా, మీకు ఒకే మాట. ఇక మీదట తెర మీద యవనుడు కత్తి దూసినప్పుడు మీరు ఈలలు వేయండి, చప్పట్లు కొట్టండి; తప్పు లేదు. ఇంటికి వచ్చి కలం పట్టినప్పుడు మాత్రం, ఆ కలమూ అతడు తెచ్చినదేనని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఆ తరువాత పక్క బల్ల మీది మిత్రుని వైపు చూడండి. ఆ చూపు ఆనాటి మా తరగతిలోని చూపువలె ఉండదని మా ఆశ.